సూళ్లూరుపేట బాడుగ ఇళ్లు: నిధుల లెక్క ఎవరిని చూస్తుంది?

సూళ్లూరుపేటలో ఇంటి బాడుగకు ప్రభుత్వ సాయం లేదని చాలామంది అనుకుంటారు. ఉంది. కాకపోతే అది జీతం చీటీలో ఉంటుంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికిచ్చే ఇంటి అద్దె భత్యానికి ఊళ్లను జనాభా లెక్కన మూడు తరగతులు చేశారు. 50 లక్షలు, ఆపైన ఉన్నవి ఎక్స్, 5 నుంచి 50 లక్షల మధ్యవి వై, మిగిలినవన్నీ జెడ్. ఈ లెక్కన సూళ్లూరుపేట జెడ్. ఏడో వేతన సంఘం సిఫార్సులపై 24, 16, 8 శాతాలతో మొదలైన ఈ భత్యం, కరువు భత్యం 50 శాతానికి చేరడంతో 2024 జనవరి నుంచి 30, 20, 10 శాతాలైంది. మూల వేతనం 44,900 ఉన్న ఉద్యోగి ఇక్కడ బాడుగకుంటే నెలకు 4,490 రూపాయలు వస్తుంది. ఆయనే చెన్నైకి బదిలీ అయితే 13,470.

ఈ భత్యంలో లోపాలు లేకపోలేదు. ఒకవైపు శ్రీహరికోట, మరోవైపు తడ మండలం మాంబట్టులోని చెప్పుల ఫ్యాక్టరీ, ఆ పక్కన శ్రీసిటీ పారిశ్రామిక వాడ ఉన్నచోట గదుల గిరాకీ 5 లక్షల గీతను చూసి ఆగదు. అయినా ఇందులో ఒక గుణం ఉంది: డబ్బు మనిషి వెంట నడుస్తుంది, అతను ఏ వీధిలో ఏ గది చూసుకున్నా సరే. తక్కువ ఆదాయ కుటుంబాలకిచ్చే గృహ సాయంలో ఈ గుణం దాదాపు కనబడదు. పథకం పేరులో ‘అద్దె’ అన్న మాట ఉండటం పెద్ద విషయం కాదు. నిధులను దేనితో గుణిస్తున్నారు, మనిషితోనా, మంచంతోనా, చదరపు మీటరుతోనా, ఇంటితోనా అన్నదాన్ని బట్టే సాయం ఎవరికి చేరేదీ చాలావరకు తేలిపోతుందని నాకనిపిస్తోంది. దొరికిన ఆధారాలు ఈ మాటను ఎంతవరకు మోయగలవో చూద్దాం.

శ్రీహరికోట నుంచి తొలి రాకెట్ ఎగిరింది 1971లో. ఆనాటి నుంచీ సూళ్లూరుపేట ఉద్యోగుల బాడుగ ఇళ్లు తెలిసిన ఊరే. శ్రీసిటీ మొదలైంది 2008లో. అక్కడ ఫాక్స్‌కాన్ ఫోన్ల కూర్పు 2015లో, ఇసుజు వాహనాల తయారీ 2016లో ఆరంభమయ్యాయి. చెన్నై వైపు లోకల్ రైళ్లు ఇక్కడిదాకా వస్తాయి. అంటే ఒక గది, ఒక వంటిల్లు, వరుసకంతా కలిపి బయట ఒక బాత్రూము ఉండే పోర్షన్లకు రెండు రాష్ట్రాల పరిశ్రమల నుంచీ గిరాకీ ఉంటుంది. ఆ పోర్షన్లను కట్టేది కంపెనీలు కాదు. సొంతింటి మేడ మీద నాలుగు గదులు వేసి, అడ్వాన్సు తీసుకుని ఇచ్చే చిన్న ఆసాములు.

ఇక నిధుల లెక్క. మొదట ‘కొరత’ అంటే ఏమిటో చూడాలి, ఎందుకంటే పథకాల పునాది అక్కడే ఉంది. పట్టణ గృహ కొరతపై అమితాబ్ కుందు అధ్యక్షతన సాంకేతిక బృందం 2012లో చెప్పిన అంకె 1.878 కోట్ల ఇళ్లు. అందులో ఇరుకు వల్ల వచ్చిన కొరతే 1.499 కోట్లు, పాతబడిన ఇళ్లు 22.7 లక్షలు, పనికిరాని కచ్చా ఇళ్లు 9.9 లక్షలు, ఇల్లు లేనివారు 5.3 లక్షలు. కొరతలో 96 శాతం దాకా పేద, అల్పాదాయ వర్గాలదేనని కూడా ఆ బృందం తేల్చింది. మంచి పనే. కానీ ఈ నాలుగు పద్దుల్లో బాడుగ భారం అనే పద్దు లేదు. కూలిలో మూడో వంతు బాడుగకు పోయే కుటుంబం పక్కా గదిలో, మరీ ఇరుకు కాకుండా ఉంటే, ఈ లెక్కలో కొరతే కాదు. 2011 జనగణన ప్రకారం దేశంలోని పట్టణ కుటుంబాల్లో 27.5 శాతం అద్దె ఇళ్లలో ఉన్నాయి. అదే గణన పట్టణాల్లో ఖాళీ ఇళ్లు కోటీ పది లక్షలున్నాయనీ చెప్పింది.

2015 జూన్ 25న మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ విభాగం ఈ కొరతను సొంతింటితో తీర్చాలనుకుంది. సొంత స్థలంలో కట్టుకునేవారికి కేంద్రం ఇంటికి 1.5 లక్షలు ఇస్తుంది. గ్రామీణ విభాగంలో మైదాన ప్రాంతపు ఇంటికి మొత్తం 1.2 లక్షలు, అందులో కేంద్రం వాటా 72 వేలు. ఈ తేడాను ఆంధ్రప్రదేశ్ బాగా చదువుకుంది. పట్టణాభివృద్ధి సంస్థల పరిధిలోని పల్లెలను పట్టణ విభాగం కిందికి తెచ్చి, 20 లక్షలకు పైగా ఇళ్లు మంజూరు చేయించుకుని దేశంలో ముందు నిలిచింది. తప్పు పట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. డబ్బు ఎక్కడ ఎక్కువ ఉంటే పథకం అక్కడికే ఒరుగుతుందనడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ లేదు. అయితే ఇంటికింత అన్న లెక్క బాడుగదారుకు రెండు విధాల అందదు. దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు ఉండకూడదన్నది నిబంధన. శ్రీకాకుళం పల్లెలో తన పేరున రెండు గదుల ఇల్లున్నవాడు తడలో ఎంత బాడుగ కట్టినా అర్హుడు కాడు. ఏమీ లేనివాడికైనా స్థలం, రేషన్ కార్డు ఉన్నచోటే ఇల్లు వస్తుంది, పని ఉన్నచోట కాదు.

అద్దె పేరుతో నేరుగా వచ్చిన పథకం 2020 జులై నాటిది, వలస కార్మికులు నడిచి ఊళ్లకు వెళ్లిన వేసవి తర్వాతది. దీనికి రెండు నమూనాలు. పాత ప్రభుత్వ పథకాల కింద కట్టి ఖాళీగా ఉన్న ఇళ్లను అద్దెకివ్వడం ఒకటి. కంపెనీలు గానీ సంస్థలు గానీ తమ స్థలంలో కొత్తగా కట్టి పాతికేళ్లు అద్దెకు నడపడం రెండోది. మొదటి దాంట్లో 83 వేల పైచిలుకు ఖాళీ ఇళ్లకు గాను 5,648 మాత్రమే అద్దె గృహాలయ్యాయి. రెండోదానికి కొత్త సాంకేతికతతో కడితే గ్రాంటు: రెండు పడక గదుల ఇంటికి లక్ష, ఒక పడక గదికి 60 వేలు, డార్మిటరీలో మంచానికి 20 వేలు.

ఈ అంకెలను చదరపు మీటరుకు మార్చి చూస్తే విషయం తెలుస్తుంది. రెండు పడక గదుల ఇంటికి గరిష్ఠ విస్తీర్ణం 60 చదరపు మీటర్లు, ఒక గదికి 30, మంచానికి 10. అంటే పూర్తి విస్తీర్ణంలో కడితే ఒంటరి మనిషి మంచానికి మీటరుకు 2,000 రూపాయలు, కుటుంబం ఉండే పెద్ద ఇంటికి 1,667. పైగా పెద్ద ఇళ్లు ప్రాజెక్టులో మూడో వంతు దాటకూడదు. ఇక బాడుగ వైపు నుంచి చూస్తే, లక్ష రూపాయల గ్రాంటును పాతికేళ్లకు, అంటే 300 నెలలకు పంచితే నెలకు 333 రూపాయలు, మంచానికైతే 67. వడ్డీ లెక్క వేయలేదు, పన్ను రాయితీలూ అదనపు అంతస్తుల వెసులుబాటూ కలపలేదు కాబట్టి అసలు లాభం ఇంతకన్నా ఎక్కువే ఉంటుంది. అది కట్టినవాడి దగ్గర ఆగుతుందా, బాడుగలో తగ్గి కనిపిస్తుందా అన్నది గ్రాంటు లెక్కలో లేదు.

అన్నిటికన్నా సూళ్లూరుపేటకు తగిలే షరతు వేరే ఉంది: ప్రాజెక్టుకు కనీసం 40 ఇళ్లుండాలి. మేడ మీద నాలుగు గదుల ఆసామి ఆ గడప తొక్కలేడు. ఊళ్లో బాడుగ ఇళ్లు నిజంగా ఎవరు ఇస్తున్నారో వాళ్లను వదిలేసి, ఇంకా రాని ఆసామి కోసం రాసిన సూత్రమిది. 2024 సెప్టెంబరు 1న మొదలైన ఆవాస్ యోజన రెండో దశలో గ్రాంటు చదరపు మీటరుకు కేంద్రం 3,000, రాష్ట్రం 2,000గా మారింది. మొత్తం పెరిగింది, మంచానికీ పెద్ద ఇంటికీ మధ్య తేడా పోయింది. గుణించేది మాత్రం ఇప్పటికీ నేలనే.

ఈ సూత్రం ఎక్కడా పనిచేయలేదంటే అబద్ధమవుతుంది. సరిహద్దు దాటి శ్రీపెరుంబుదూరు దగ్గర వల్లం వడగాల్‌లో, ఫాక్స్‌కాన్ మహిళా కార్మికుల కోసం తమిళనాడు ప్రభుత్వ సంస్థ సిప్‌కాట్ కట్టిన వసతి సముదాయం 2024 ఆగస్టులో తెరుచుకుంది. 18,720 మంచాలు, ఖర్చు దాదాపు 706 కోట్లు. కేంద్రం సబ్సిడీ 37.44 కోట్లు, భాగించి చూడండి, సరిగ్గా మంచానికి 20 వేలు. మొత్తం ఖర్చులో ఇది ఐదు శాతం చిల్లర. అందుకే ఆ కట్టడం ఘనతను గ్రాంటుకే కట్టబెట్టడం కష్టం. స్థలం ఉన్న ప్రభుత్వ సంస్థ, వేల మందిని ఒకేసారి తీసుకునే కంపెనీ, ఒంటరిగా వచ్చిన యువతులు అక్కడ కలిశారు. భార్యాపిల్లలతో వచ్చి, బడి దగ్గర గది వెతుక్కునే కుటుంబానికి ఆ మంచం పనికిరాదు. ఒక్క ఉదాహరణతో సిద్ధాంతం కట్టకూడదు గానీ, ఇది పై అంకెల దిశకు ఎదురుగా మాత్రం లేదు.

గృహ పథకాల్లో ఎక్కడా కనిపించని సూత్రం ఒకటి కరెంటు బిల్లులో ఉంది. 2022-23 నుంచి ఆంధ్రప్రదేశ్ గృహ వినియోగ రేట్లు మెట్లుగా ఉన్నాయి: మొదటి 30 యూనిట్లు 1.90, 75 వరకు 3, 125 వరకు 4.50, 225 వరకు 6, 400 వరకు 8.75 రూపాయలు. పేదవాడికి మేలు చేయాలనే ఈ మెట్లు కట్టారు. నాలుగు పోర్షన్ల వాళ్లు తలా 60 యూనిట్లు కాల్చారనుకోండి. వేరువేరు మీటర్లుంటే ఒక్కొక్కరికి 147, మొత్తం 588 రూపాయలు. ఆసామి పేరున ఒకే మీటరు ఉండి లోపల సబ్‌మీటర్లుంటే 240 యూనిట్లకు 1,148. స్థిర చార్జీలు కలపకుండానే దాదాపు రెట్టింపు. మీటరుకు ఇచ్చే రాయితీ మీటరు పేరున లేని మనిషికి తిరగబడి భారమైంది.

ఊరి పురపాలికకూ ఇలాంటి చిక్కే. 15వ ఆర్థిక సంఘం 2021-26 స్థానిక సంస్థల గ్రాంట్లను రాష్ట్రాల మధ్య జనాభాకు 90, విస్తీర్ణానికి 10 శాతం తూకంతో పంచింది. ఆ జనాభా 2011 నాటిది. చిన్న పట్టణాల గ్రాంటులో 60 శాతం పారిశుధ్యానికీ నీటికీ ముడిపెట్టింది. సూళ్లూరుపేట చుట్టూ పెద్ద ఫ్యాక్టరీలు చాలావరకు ఆ గణన తర్వాతే వచ్చాయి. కొత్తగా వచ్చిన బాడుగదారు కొళాయి దగ్గర ఉన్నాడు, లెక్కలో లేడు.

మరి భత్యంలాగే బాడుగ సాయాన్నీ మనిషికే ఇస్తే? 2015లో కేంద్రం తెచ్చిన అద్దె గృహాల విధాన ముసాయిదాలో కూపన్ల ఆలోచన ఉంది, ముసాయిదాలోనే ఉండిపోయింది. అమెరికాలో 1974 చట్టం నుంచీ ఇది నడుస్తోంది. కుటుంబం తన ఆదాయంలో సుమారు 30 శాతం కడుతుంది, ఆ ప్రాంతపు బాడుగల్లో 40వ శతాంశం ఆధారంగా పెట్టిన పరిమితి వరకు మిగతాది ప్రభుత్వం కడుతుంది. అక్కడా నిధి హక్కు కాదు. అర్హుల్లో నలుగురిలో ఒకరికే ఏదో ఒక సాయం అందుతుంది. స్థానిక సంస్థకు నిధి గత ఏడాది ఎన్ని కూపన్లు వాడిందో చూసి వస్తుంది గనుక, ఒక ఏడాది వెనకబడితే మరుసటి ఏడాది సంచీ చిన్నదవుతుంది. బాడుగలు పెరుగుతాయన్న భయానికీ ఆధారం ఉంది, ఎదురు ఆధారమూ ఉంది. 90 పెద్ద నగరాలను చూసిన స్కాట్ సూసిన్, కూపన్లు లేని పేదల బాడుగలు సగటున 16 శాతం పెరిగాయని 2002లో రాశాడు. 2015లో ఎరిక్సన్, రాస్ మొత్తం మీద అలాంటి ప్రభావం కనబడలేదన్నారు. నాకు ఎక్కువ ఉపయోగపడింది 2018 నాటి కొలిన్సన్, గనాంగ్ అధ్యయనం: నగరమంతటికీ ఒకే పరిమితి పెంచితే ఆ డబ్బు ఎక్కువగా ఆసాములకు పోయింది, డాలస్‌లో 2011 నుంచి పిన్‌కోడ్ లాంటి చిన్న ప్రాంతాల వారీగా పరిమితి పెట్టాక కుటుంబాలు మెరుగైన పేటలకు మారాయి.

దీన్ని తెచ్చి సూళ్లూరుపేట మీద అతికించడం తొందరపాటు. అక్కడ రాతకోతలున్న బాడుగ ఒప్పందాలున్నాయి. ఇక్కడ అడ్వాన్సు కూడా నోటి మాటే. గదులు తక్కువై గిరాకీ ఎక్కువైన చోట కూపనిస్తే మొదట పెరిగేది బాడుగే కావచ్చు. అందుకని ఆధారాలు గట్టిగా అనుమతించేది చిన్న మార్పులనే: 40 ఇళ్ల కనీసాన్ని దించి నాలుగు గదుల ఆసామికి కూడా గ్రాంటు ఇచ్చి, బదులుగా బాడుగ రశీదు, వేరు మీటరు అడగడం. ఆ రశీదులు పోగైతే తప్ప ఏ వీధిలో బాడుగ ఎంతో చెప్పే పరిమితి ఎవరూ లెక్కగట్టలేరు. 2011 గణన ఇంటింటికీ వెళ్లి ‘సొంతమా, అద్దెదా’ అని అడిగింది. బాడుగ ఎంత అని అడగలేదు.