ఇంగ్లీషు భూతకాల క్రియలు – వాటి రూపాన్ని నిర్ణయించే చిన్న మాటలు

హోసూరులోగాని, బళ్ళారిలోగాని, బరంపురంలోగాని తరతరాలుగా స్థిరపడిన తెలుగువారు ప్రభుత్వ కార్యాలయానికి అర్జీ పెట్టుకోవలసి వచ్చినపుడు తరచుగా ఇంగ్లీషునే ఆశ్రయిస్తారు. రాష్ట్రభాష మాట్లాడటం వచ్చినా, రాయడం అందరికీ రాదు. తెలుగులో రాస్తే చదివే అధికారి దొరకడం కష్టం. (కేంద్రంలోగాని, ఆ రాష్ట్రంలోగాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అర్జీ పెట్టుకునే హక్కును రాజ్యాంగంలోని 350వ అధికరణం ఇచ్చిందన్నది వేరే సంగతి.) అటువంటి అర్జీలో "మా కుటుంబం నలభై ఏళ్ళుగా ఈ ఊరిలో నివసిస్తున్నది" అన్న భావానికి "అవర్ ఫ్యామిలీ లివ్డ్ ఇన్ దిస్ టౌన్ ఫర్ ఫార్టీ ఇయర్స్" అని రాశామనుకుందాం. ఇంగ్లీషు బాగా తెలిసినవారు దానిని "ఒకప్పుడు నలభై ఏళ్ళు ఉన్నారు, ఇప్పుడు లేరు" అని గ్రహిస్తారు. నివాసాన్ని రుజువు చేయడానికి రాసిన వాక్యమే నివాసం ముగిసిపోయిందని చెప్పినట్లవుతుంది. "లివ్డ్"కు ముందు "హ్యాజ్" అన్న ఒక్క మాట చేరిస్తే దోషం తొలగిపోతుంది.

ఈ పొరపాటుకు మూలం మన భాషలోనే ఉన్నది. "అతడు వచ్చాడు" అన్న ఒకే రూపాన్ని తెలుగు రెండు సందర్భాలలోనూ వాడుతుంది. నిన్న వచ్చి వెళ్ళిపోయినా "వచ్చాడు", ఇప్పుడే వచ్చి ఎదుట కూర్చున్నా "వచ్చాడు". ఇంగ్లీషు మొదటిదానికి "హి కేమ్" అని, రెండవదానికి "హి హ్యాజ్ కమ్" అని రెండు రూపాలు ఏర్పరచుకున్నది. వీటిలో ఏది తగునో నిర్ణయించేది చాలా సందర్భాలలో క్రియ పక్కనున్న క్రియావిశేషణమో, ప్రిపోజిషనో. మన విభక్తి ప్రత్యయం నామవాచకం వెనుక చేరి చేసే పనిని, దాని ముందు నిలిచి చేసే చిన్న మాటే ప్రిపోజిషన్.

యెస్టర్డే, లాస్ట్ ఇయర్, ఇన్ 1953, టూ డేస్ అగో – ఇవన్నీ ముగిసిపోయిన కాలాన్ని సూచిస్తాయి. వీటితో సాధారణ భూతకాలమే రావాలి. "ఐ హ్యావ్ సీన్ హిమ్ యెస్టర్డే" అనడం తప్పు. "ఐ సా హిమ్ యెస్టర్డే" అనాలి. "బళ్ళారి జాయిన్డ్ మైసూర్ స్టేట్ ఇన్ 1953" అన్నది సరైన వాక్యం. తేదీ ఇస్తే "ఇన్" బదులు "ఆన్" వస్తుంది: "ఆన్ ఫస్ట్ అక్టోబర్ 1953". అయితే "లాస్ట్" అన్న మాట వచ్చినపుడు ఏ ప్రిపోజిషనూ అక్కరలేదు. "పోయిన సంవత్సరంలో" అనే అలవాటుతో మనవారు "ఇన్ లాస్ట్ ఇయర్" అంటారు; అది చెల్లదు.

ఇంకా ముగియని కాలాన్ని తెలిపే మాటలు వేరు. సో ఫార్, యెట్, ఎవర్ వంటివి సాధారణంగా "హ్యావ్"ను కోరతాయి. "జస్ట్", "ఆల్రెడీ"ల విషయంలో అమెరికావారు "ఐ జస్ట్ ఏట్" అని సాధారణ భూతకాలాన్ని కూడా ధారాళంగా వాడతారు; బ్రిటిష్ పద్ధతిలో "ఐ హ్యావ్ జస్ట్ ఈటెన్" అనడమే ఎక్కువ. "దిస్ మార్నింగ్" మరీ చిత్రమైనది. ఉదయం పదిగంటలకు "హ్యావ్ యు సీన్ హిమ్ దిస్ మార్నింగ్?" అని అడగవచ్చు. సాయంత్రం అడిగేటపుడు ఉదయం గడచిపోయింది కనుక "డిడ్ యు సీ హిమ్ దిస్ మార్నింగ్?" అనాలి. మాటలు మారలేదు, గడియారం మారింది. దానితో క్రియ మారింది.

మనవారిని అన్నిటికంటె ఎక్కువగా చిక్కులలో పెట్టేది "నుండి". తెలుగులో 1936 నుండి, పదేళ్ళ నుండి, ఉదయం నుండి సాయంత్రం వరకు – అన్నిటికీ ఒకటే ప్రత్యయం. ఇంగ్లీషులో మూడు మాటలున్నాయి. ఆరంభ బిందువును చెప్పి, ఇప్పటికీ కొనసాగుతున్నదని తెలపడానికి "సిన్స్": "గంజాం హ్యాజ్ బీన్ ఇన్ ఒడిశా సిన్స్ 1936". ఎంత కాలమో కొలిచి చెప్పడానికి "ఫర్": "వుయ్ హ్యావ్ లివ్డ్ హియర్ ఫర్ టెన్ ఇయర్స్". ఆదీ అంతమూ రెండూ చెప్పి ముగించడానికి "ఫ్రమ్": "హి వర్క్డ్ దేర్ ఫ్రమ్ 1990 టు 1998". "సిన్స్ టెన్ ఇయర్స్" అన్నది ఇవి కలగలిసినందువల్ల పుట్టిన ప్రయోగం. దానికి తోడు "ఉంటున్నాను" అన్న వర్తమాన రూపాన్ని యథాతథంగా దించి "ఐ యామ్ లివింగ్ హియర్ సిన్స్ టెన్ ఇయర్స్" అనడం దక్షిణాదిలో సర్వసాధారణం. ఒక వాక్యంలో రెండు దోషాలు. సరైనది "ఐ హ్యావ్ బీన్ లివింగ్ హియర్ ఫర్ టెన్ ఇయర్స్".

"ఫర్" ఒక్కటే ఉన్నంత మాత్రాన "హ్యావ్" రావాలని లేదన్నది కూడా గుర్తుంచుకోవాలి. మొదట చెప్పిన అర్జీలోని చిక్కు ఇదే. "ఫర్ ఫార్టీ ఇయర్స్" పక్కన రెండు రూపాలూ వ్యాకరణరీత్యా నిలుస్తాయి. అర్థం మాత్రం తారుమారవుతుంది. దోషం కంటికి కనబడని చోటనే ప్రమాదం ఎక్కువ. అనుమానం ఉంటే "సిన్స్" వేసి సంవత్సరం రాయడం క్షేమం.

"అగో" మాత్రం మనకు చుట్టం వంటిది. ఇంగ్లీషు వాడుకకు భిన్నంగా, మన "క్రితం" లాగానే కాలపరిమాణం వెనుక నిలుస్తుంది: పదేళ్ళ క్రితం, టెన్ ఇయర్స్ అగో. ఇంత అనుకూలమైన మాట ఉండగా చాలామంది "బిఫోర్ టెన్ ఇయర్స్" అని ఎందుకు అంటారో తెలియదు. గతంలోని ఒక సంఘటనకు మరింత వెనుక జరిగినదానిని చెప్పేటపుడు "బిఫోర్" కూడా వెనుకకే వస్తుంది, క్రియకు "హ్యాడ్" తోడవుతుంది: "ఐ హ్యాడ్ మెట్ హిమ్ టూ ఇయర్స్ బిఫోర్".

"వరకు", "నాటికి" అన్న భేదం తెలుగులోనూ స్పష్టంగా ఉన్నది కనుక "అంటిల్", "బై" అంత కష్టపెట్టవు. "తిరుత్తణి వాజ్ ఇన్ ఆంధ్ర ప్రదేశ్ అంటిల్ 1960" అంటే ఆ సంవత్సరం మద్రాసు రాష్ట్రంలో కలిసేవరకు అక్కడే ఉన్నదని. "బై 1956 ఫ్రెంచ్ రూల్ హ్యాడ్ ఎండెడ్ ఇన్ యానాం" అంటే 1956 నాటికే ఆ పాలన ముగిసిపోయి ఉన్నదని. నిజానికి ముగిసినది 1954లో. ముగిసిన సంవత్సరాన్నే చెప్పేటపుడు "హ్యాడ్" తీసివేసి "ఎండెడ్ ఇన్ 1954" అంటే సరిపోతుంది.

ఇక స్థలం సంగతి. "ఇంటికి వెళ్ళాను" అన్నపుడు మన "కి" ఊరుకోదు. "ఐ వెంట్ టు హోమ్" అనిపిస్తుంది. ఇక్కడ "హోమ్" క్రియావిశేషణంగా పనిచేస్తున్నది, "టు" అక్కరలేదు. "వెంట్ దేర్", "కేమ్ హియర్" కూడా ఇంతే. "ఊరికి చేరాము" అన్నదానిని "రీచ్డ్ టు ద టౌన్" అనరాదు. "రీచ్డ్ ద టౌన్" చాలు. అదే "అరైవ్డ్" అయితే "ఇన్" లేదా "ఎట్" తప్పనిసరి. "గురించి చర్చించాము" ప్రభావంతో వచ్చే "డిస్కస్డ్ ఎబౌట్" సభల నివేదికలలో తరచుగా కనబడుతుంది. అక్కడ "ఎబౌట్" అదనపు బరువు.

క్రియావిశేషణాన్ని ఎక్కడ ఉంచాలన్నది పెద్ద విషయమేగాని, ఇక్కడ ఒక్క మాట చాలు. క్రియకూ దాని కర్మకూ మధ్య దానిని చొప్పించరాదు: "హి స్పోక్ తెలుగు వెల్" అనాలి, "హి స్పోక్ వెల్ తెలుగు" కాదు. "ఆల్వేస్" వంటివి క్రియకు ముందు వస్తాయి, "వాజ్"కు మాత్రం తరువాత వస్తాయి.

కొన్ని క్రియలు చిన్న మాటతో కలిసి కొత్త అర్థాన్ని తెచ్చుకుంటాయి. "గేవ్ అప్" అంటే వదలిపెట్టాడు, "పుట్ ఆఫ్" అంటే వాయిదా వేశాడు. భూతకాలపు మార్పు క్రియకే జరుగుతుంది, చిన్న మాట మారదు. కర్మ సర్వనామమైతే రెంటి నడుమ కూర్చుంటుంది: "పుట్ ఇట్ ఆఫ్".

చివరిగా, తెలుగు లిపిలో రాస్తే తేడా తెలియని జంట ఒకటున్నది. "హి పాస్ట్ ద టెంపుల్" అన్నపుడు అది "పాస్" అన్న క్రియకు భూతకాలం. రెండు ఎస్‌లు, ఈ, డీతో రాయాలి. "హి వాక్డ్ పాస్ట్ ద టెంపుల్" అన్నపుడు ఆ "పాస్ట్" ప్రిపోజిషన్. ఒక ఎస్, టీతో రాయాలి. వాక్యంలో వేరే క్రియ ఉంటే రెండవది, లేకుంటే మొదటిది.