పక్షవాతం కథ: 'గాలి సోకింది' నుంచి గంటల లెక్క దాకా



మేము డాక్టర్లం కాము. ఒక కంపెనీ క్యాంపు ఆఫీసులో హాజరు పట్టీలు, సిక్ లీవు కాగితాలు రాసే గుమాస్తాలం. ఇంటర్ దాకా చదువుకున్నాం. అలాంటి మేము ఈ వారం ఒక జబ్బు చరిత్ర రాయడానికి కూర్చున్నామంటే దానికో కారణం ఉంది.

కొన్నేళ్ల కిందట మా క్యాంపులో నిజామాబాద్ వైపు నుంచి వచ్చిన మేస్త్రీ ఒకాయన ఉండేవాడు. ఒక శుక్రవారం పొద్దున ఏడింటికి లేచాడు, ముఖం కడుక్కున్నాడు, బాగానే మాట్లాడాడు. ఏడున్నరకు టీ గ్లాసు పట్టుకోబోతే చేతిలోంచి జారిపోయింది. మాట ముద్దముద్దగా వచ్చింది. "రాత్రి ఎక్కువైనట్టుంది, పడుకోనీయండి" అన్నారు పక్క రూమ్ వాళ్లు. ఆయన మందు ముట్టడని మాకు తెలుసు. అయినా మేమూ ఊరుకున్నాం. సెలవు రోజు, ఆఫీసుకు తాళం. అంబులెన్స్‌ను పిలిస్తే వెంట పోలీసులు వస్తారేమోనని భయం. భోజనాలయ్యాక వెళ్లి చూస్తే కుడి చెయ్యి, కుడి కాలు కదలడం లేదు. ఆస్పత్రికి చేర్చేసరికి సాయంత్రం అయిదయింది.

ప్రాణం దక్కింది. చెయ్యి రాలేదు. మాట సగమే వచ్చింది. వీల్‌చైర్‌లో ఆయన్ను ఇంటికి పంపించిన కాగితాలు రాసింది మేమే. "పొద్దున్నే తెచ్చి ఉంటే మందు ఇచ్చేవాళ్లం" అని డాక్టరు అన్న మాట మమ్మల్ని ఇప్పటికీ వదల్లేదు. పక్షవాతానికి పొద్దున ఒక మందు, సాయంత్రం లేదా? ఆ గంటల లెక్క ఎవరు కనిపెట్టారు? ఆ ప్రశ్నతోనే దొరికినవన్నీ చదవడం మొదలుపెట్టాం. తెలుసుకున్నది మీ ముందు పెడుతున్నాం.

ఒక జబ్బు, ఎన్నో పేర్లు

పక్షం అంటే ఒక వైపు. వాతం అంటే గాలి. ఒంట్లో వాతం చెడి ఒక పక్క పడిపోతుందని మన పాత వైద్యులు అనుకున్నారు. చరక సంహితలోనూ, సుశ్రుత సంహితలోనూ ఈ జబ్బు గురించి ఉంది. ముఖం మాత్రమే వంకర పోవడాన్ని వాళ్లు అర్దితం అని వేరే పేరుతో పిలిచారు. ఈ తేడా గుర్తుంచుకోండి, దీనితో మళ్లీ పని పడుతుంది.

గ్రీకులు దీన్ని అపోప్లెక్సియా అన్నారు. దెబ్బ తగిలి కూలిపోవడమని అర్థం. క్రీ.పూ. 400 ప్రాంతంలో హిప్పోక్రటీస్ పేరు మీద వచ్చిన సూత్రాల్లో, ఇది గట్టిగా వస్తే నయం కాదని, కొద్దిగా వచ్చినా నయం కావడం కష్టమని రాశారు. ఇంగ్లీషులో స్ట్రోక్ అన్నా దెబ్బ అనే అర్థం. మనం ఉంటున్న ఈ అరబ్బు దేశాల్లో సక్తా అంటారు. వెయ్యేళ్ల కిందటి మహా వైద్యుడు ఇబ్న్ సీనా తన గ్రంథంలో వాడిందీ ఆ మాటే. ఇప్పుడు జనం నోట ఎక్కువగా వినిపించేది జల్తా. అంటే నెత్తురు గడ్డ. గుండెకు వచ్చినా, మెదడుకు వచ్చినా జల్తా అనే అంటారు. ఆస్పత్రిలో ఈ మాట చెవిన పడితే విషయం ఏమిటో మీకు అర్థం కావాలి.

మన ఊళ్లలో దీన్ని 'గాలి సోకింది' అనేవాళ్లు. భూతవైద్యుడి దగ్గరకు తీసుకుపోయేవాళ్లు, పడిపోయిన పక్కకు పావురం రక్తం పూసేవాళ్లు. ఇప్పటికీ అక్కడక్కడా ఉంది. వాళ్లను చూసి నవ్వాల్సిన పని లేదు. రెండు వేల ఏళ్ల పాటు ప్రపంచంలో ఎవరి దగ్గరా అంతకన్నా మంచి వైద్యం లేదు.

మెదడు తెరిచి చూసినవాళ్లు

జబ్బు మూలం ఎక్కడుందో చూపించిన వాడు స్విట్జర్లాండ్ వైద్యుడు యోహాన్ వెప్ఫర్. పక్షవాతంతో చనిపోయిన వాళ్ల తల కోసి చూసి, కొందరి మెదడులో నెత్తురు కారి ఉందని 1658లో పుస్తకం రాశాడు. మెదడుకు నెత్తురు వెళ్లే దారి మూసుకుపోయినా ఇలా జరగవచ్చని కూడా చెప్పాడు. 1664లో ఇంగ్లండులో థామస్ విల్లిస్ మెదడు అడుగున ఉన్న రక్తనాళాల వలయాన్ని వివరించాడు. ఇటలీ వైద్యుడు మోర్గాన్యి 1761లో అచ్చువేసిన గ్రంథంలో, కుడి పక్క పడిపోతే దెబ్బ తగిలింది ఎడమ మెదడుకని శవపరీక్షలతో చూపించాడు. 1861లో పారిస్‌లో పాల్ బ్రోకా, మాట పోయిన ఒక రోగి మెదడును పరీక్షించి, దెబ్బ తిన్న చోటు మెదడు ముందు భాగంలో ఎడమ వైపున ఉందని గుర్తించాడు. మా మేస్త్రీకి కుడి చెయ్యి, మాట రెండూ కలిసి ఎందుకు పోయాయో మాకు అప్పుడు అర్థమైంది.

అంటే ఈ జబ్బు రెండు రకాలు. నాళం పూడుకుపోవడం ఒకటి, నాళం చిట్లడం ఇంకొకటి. ఎక్కువ మందికి వచ్చేది మొదటిది. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. కానీ ఒకదాని మందు ఇంకొకదానికి విషం. బతికున్న మనిషిలో ఏది జరిగిందో చూసే దారి మాత్రం ఇంకా నూరేళ్లకు పైగా దొరకలేదు.

బీపీ పట్టీ, ఒక అధ్యక్షుడి చావు

జబ్బుకు ముందున్న శత్రువు రక్తపోటు. చేతికి పట్టీ చుట్టి బీపీ చూసే పరికరాన్ని ఇటలీలో రివా-రోచ్చి 1896లో తయారుచేశాడు. పట్టీ కింద స్టెతస్కోప్ పెట్టి చప్పుడు వినే పద్ధతిని 1905లో రష్యా డాక్టర్ కొరొట్కాఫ్ చెప్పాడు. పరికరం ఉంది కానీ బీపీని తగ్గించే మంచి మందు లేదు. వయసుతో పాటు బీపీ పెరగడం సహజమే అనుకునే డాక్టర్లూ ఉండేవారు.

దీనికి పెద్ద ఉదాహరణ అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్. 1945 ఏప్రిల్ 12న తలనొప్పి అంటూ కుర్చీలో ఒరిగిపోయాడు. అప్పుడు ఆయన బీపీ 300/190. ప్రపంచంలోకెల్లా బలమైన దేశానికి అధ్యక్షుడైనా ఆయన్ను కాపాడే మాత్ర అప్పటికి లేదు. 1948లో అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ అనే ఊళ్లో 5,209 మందిని ఏళ్ల తరబడి గమనించే పరిశోధన మొదలైంది. బీపీ ఎక్కువున్న వాళ్లకే పక్షవాతం ఎక్కువగా వస్తుందని తేల్చిన వాటిలో అది ముఖ్యమైనది. 1958లో క్లోరోథయజైడ్ అనే మాత్ర వచ్చింది. రూజ్‌వెల్ట్‌కు దొరకని బీపీ మాత్ర ఇవాళ మన క్యాంపు క్లినిక్‌లో దొరుకుతుంది. వేసుకోవడానికే మనకు బద్ధకం.

భయంతో పోయిన గంటలు

ఇంకొక చావు గురించి చెప్పాలి. 1953 మార్చి 1న సోవియట్ నాయకుడు స్టాలిన్ తన గదిలోంచి బయటకు రాలేదు. పిలవకుండా లోపలికి వెళ్లడానికి కాపలావాళ్లకు భయం. పగలంతా గడిచింది. రాత్రి పొద్దుపోయాక ధైర్యం చేసి వెళ్లి చూస్తే నేల మీద పడి ఉన్నాడు, మాట లేదు. పెద్దలు వచ్చి చూసి కూడా వెంటనే డాక్టర్లను పిలవలేదు. డాక్టర్లు వచ్చేసరికి మర్నాడు తెల్లారింది. పేరున్న డాక్టర్లను కుట్రదారులంటూ ఆయనే అంతకు ముందు జైల్లో పెట్టించాడు. మార్చి 5న చనిపోయాడు.

ఆ రోజుల్లో వెంటనే వచ్చినా డాక్టర్లు చేయగలిగింది తక్కువే. కానీ ఈ కథ చదివినప్పుడు మాకు మా క్యాంపే గుర్తొచ్చింది. అక్కడ కాపలావాళ్లు దొరకు భయపడ్డారు. ఇక్కడ మేము పోలీసులకు, క్యాంపు బాస్‌కు, జీతం కోతకు భయపడ్డాం. ఏ భయమైనా మంచం మీద ఉన్న మనిషికి జరిగే నష్టం ఒకటే.

గంటల లెక్క

1971 అక్టోబర్ 1న లండన్‌లోని ఒక ఆస్పత్రిలో మొట్టమొదటిసారి రోగి తలకు సీటీ స్కాన్ తీశారు. ఆ యంత్రాన్ని తయారుచేసిన ఇంజనీర్ గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్‌కు 1979లో నోబెల్ బహుమతి వచ్చింది. తల కొయ్యకుండానే నెత్తురు కారిందా లేదా అని నిమిషాల్లో చూసే దారి దొరికింది.

అసలు మలుపు 1995లో వచ్చింది. అమెరికాలో 624 మంది మీద జరిపిన పరీక్షలో, జబ్బు మొదలైన 3 గంటల లోపల గడ్డ కరిగించే టీపీఏ ఇంజెక్షన్ ఇస్తే, మూడు నెలల తర్వాత దాదాపు మామూలు మనుషులయ్యే అవకాశం కనీసం 30 శాతం ఎక్కువని తేలింది. మందులో ప్రమాదమూ ఉంది. మందు తీసుకున్న వాళ్లలో నూటికి ఆరుగురికి పైగా మెదడులో నెత్తురు కారి పరిస్థితి విషమించింది. అందుకే ముందు స్కాన్, తర్వాతే మందు. 1996లో అమెరికా ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. 2008లో ఇంకొక పరిశోధన ఆ గడువును నాలుగున్నర గంటలకు పెంచింది. 2015 నుంచి పెద్ద నాళంలోని గడ్డను తొడ దగ్గరి నుంచి సన్నని గొట్టం పంపి బయటకు లాగే చికిత్సకూ గట్టి రుజువులు వచ్చాయి. కొందరికి అది 24 గంటల దాకా కూడా చేస్తున్నారు. అయినా ఎంత ముందైతే అంత మేలు. పెద్ద నాళం పూడుకుంటే నిమిషానికి 19 లక్షల మెదడు కణాలు చస్తాయని 2006లో ఒక డాక్టరు లెక్కగట్టాడు.

మా మేస్త్రీకి ఏడున్నరకు మొదలైంది. నాలుగున్నర గంటలు కలిపితే మధ్యాహ్నం పన్నెండు. మేము తీసుకెళ్లింది అయిదింటికి. లెక్కలు రాసే వాళ్లమే లెక్క తప్పాం.

పక్షవాతంలా కనిపించేవి

పక్షవాతంలా కనిపించేవన్నీ పక్షవాతం కావు. 1849లో లండన్ డాక్టర్ రాబర్ట్ టాడ్, మూర్ఛ వచ్చి తగ్గాక కొందరికి ఒక పక్క కొంతసేపు పడిపోయి మళ్లీ వస్తుందని చెప్పాడు. ముఖం మాత్రమే వంకరపోయే జబ్బుకు చార్లెస్ బెల్ పేరు పెట్టారు. ముఖం నరాల గురించి 1821లో ఆయన రాశాడు. బెల్ జబ్బులో నుదురు కూడా ముడతపడదు, కన్ను మూతపడదు. చెయ్యి, కాలు బాగుంటాయి. మన పాతవాళ్లు అర్దితమని వేరు చేసింది ఊరికే కాదు.

ఇంకొకటి షుగర్ పడిపోవడం. 1921లో కెనడాలో ఇన్సులిన్ కనిపెట్టాక షుగర్ రోగులు బతికారు, దాంతోపాటు ఈ చిక్కూ పెరిగింది. మందు వేసుకుని తిండి మానేస్తే మాట తడబడుతుంది, ఒక్కోసారి ఒక పక్క కూడా పడిపోతుంది. మా దగ్గర కడప డ్రైవరు ఒకాయనకు ఇలాగే జరిగింది. ఈసారి మేము ఆగలేదు. అంబులెన్స్ వాళ్లు వేలు గుచ్చి షుగర్ చూశారు, గ్లూకోజు ఎక్కించారు. కాసేపటికి లేచి, "ఏమైంది అన్నా?" అని అడిగాడు. ఎవరూ మమ్మల్ని తిట్టలేదు. ఇంగ్లండులో 2005లో ప్రచురించిన రోజియర్ అనే పద్ధతి కూడా ముందు షుగర్ చూడమనే చెబుతుంది.

ఎండలో వడదెబ్బ తగిలినా మనిషి తికమకపడతాడు, పడిపోతాడు. దాన్ని ఇంగ్లీషులో హీట్ స్ట్రోక్ అంటారు కానీ అది వేరే జబ్బు. ఒళ్లు కాలిపోతుంటుంది. అంబులెన్స్ వచ్చేలోగా నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, నీళ్లతో ఒళ్లు చల్లబరచాలి.

ఏది ఏదో తేల్చడం మన పని కాదు, స్కాన్ ఉన్న ఆస్పత్రి పని. మన పని గుర్తుపట్టడం, పిలవడం.

మనం చేయాల్సింది

1998 ప్రాంతంలో ఇంగ్లండులో అంబులెన్స్ వాళ్ల కోసం ఒక చిన్న పరీక్ష తయారుచేశారు. మా క్యాంపులో దాన్ని తెలుగులో రాసి గోడకు అంటించాం:

నవ్వమనండి, మూతి ఒక పక్కకు పోతోందా?
రెండు చేతులూ చాపమనండి, ఒకటి కిందికి జారుతోందా?
ఒక మాట చెప్పమనండి, ముద్దగా వస్తోందా?
ఒక్కటి ఉన్నా చాలు, గడియారం చూసి ఫోన్ చేయండి.

అంబులెన్స్ నంబర్లు: సౌదీలో 997, యూఏఈలో 998, ఖతార్‌లో, బహ్రెయిన్‌లో 999, కువైట్‌లో 112, ఒమన్‌లో 9999.

నోట్లో నీళ్లు, టీ, మాత్ర ఏదీ వేయకండి. మింగలేక ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆస్ప్రిన్ కూడా ఇవ్వకండి. నెత్తురు కారుతుంటే అది ప్రాణాంతకం. పది నిమిషాల్లో తగ్గిపోయినా పడుకోనీయకండి, అది రాబోయే పెద్ద దెబ్బకు హెచ్చరిక కావచ్చు. నిద్రలో వచ్చిందనుకుంటే, చివరిసారి బాగున్నది ఎన్నింటికో చెప్పండి. డాక్టరు మొదట అడిగేది ఆ టైమే. ఐడీ కార్డు, వాడుతున్న మందులు వెంట పంపండి.

ఆలస్యం అమృతం విషం అని మన పెద్దలు అననే అన్నారు. మా మేస్త్రీ ఇప్పుడు ఊళ్లో ఉన్నాడు. పండగలకు ఫోన్ చేస్తే భార్య మాట్లాడుతుంది, ఆయన పక్కనుంచి "ఆ... ఆ..." అంటాడు. ఆ గొంతు విన్న ప్రతిసారీ ఆ శుక్రవారం గుర్తొస్తుంది. మీ రూమ్‌లో అలాంటి శుక్రవారం రాకూడదనే ఇది రాశాం. చదివి మడిచి పెట్టకండి, పక్క మంచం వాడికి చదివి వినిపించండి.