సి.ఆర్.పి. పరీక్ష, గుండెజబ్బు

ఒంట్లో వాపును పట్టిచ్చే రక్తపరీక్షలు గుండె వైద్యంలో మొదట కుదురుకున్నది కీళ్లవాతం దారిన. రక్తనాళాల పూడిక సంగతి చాలా తర్వాతిది. పోలండ్ వైద్యుడు బియర్నాకీ 1897లో వివరించిన ఈ.ఎస్.ఆర్. పరీక్ష నేటికీ అంత సులువైనదే: గడ్డకట్టకుండా మందు కలిపిన రక్తాన్ని సన్నటి గాజుగొట్టంలో గంటసేపు నిలబెడతారు, ఎర్రకణాలు దిగాక పైన తేరిన పసుపు ద్రవం ఎన్ని మిల్లీమీటర్లుందో చూస్తారు. 1930లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో టిల్లెట్, ఫ్రాన్సిస్‌లు న్యుమోనియా రోగుల రక్తంలో సి-రియాక్టివ్ ప్రోటీన్‌ను, అంటే సి.ఆర్.పి.ని, కనుగొన్నారు. పిల్లల్లో గొంతునొప్పితో మొదలై, కీళ్లను వాపెక్కించి, గుండె కవాటాలను చెడగొట్టే రుమాటిక్ జ్వరాన్ని నిర్ధారించడానికి ఈ రెండూ ఆధారాలయ్యాయి. పెద్ద వైద్యమంటే చిత్తూరు వాళ్లు రాయవేలూరుకు (వెల్లూరుకు) బస్సెక్కిన కాలం నుంచి, 1960లో తిరుపతిలో ఎస్వీ మెడికల్ కాలేజీ, 1993లో స్విమ్స్ ఆసుపత్రి వచ్చిన కాలం దాకా సి.ఆర్.పి. ప్రధానంగా జ్వరాలకూ కీళ్లకూ సంబంధించిన పరీక్షే.

గుండెపోటుతో దానికి గట్టి ముడి పడింది 1997లో. ఆరోగ్యంగా ఉన్న అమెరికన్ వైద్యుల రక్తాన్ని పరీక్షించిన పరిశోధకుడు రిడ్కర్ బృందం, సి.ఆర్.పి. ఎక్కువున్నవారికి తర్వాతి ఏళ్లలో గుండెపోటు ఎక్కువగా వచ్చిందని చూపింది. అయితే సి.ఆర్.పి.యే దోషా? నా లెక్కలో అది సాక్షి మాత్రమే. పుట్టుకతోనే జన్యువుల వల్ల సి.ఆర్.పి. కాస్త ఎక్కువున్నవారికి గుండెజబ్బు అదనంగా రాలేదు. సాక్షే అయితే వాపుకు మందు వేసి లాభమేమిటని అడగొచ్చు. 2017 నాటి కాంటోస్ పరిశోధనలో జవాబుంది: గుండెపోటు వచ్చి తేరుకున్న పదివేల మందిపై పరీక్షించిన కనకినుమాబ్ అనే వాపు మందు, 150 మిల్లీగ్రాముల మోతాదులో, చెడు కొలెస్ట్రాల్‌ను తగ్గించకుండానే గుండెపోటు, పక్షవాతం వంటి ముప్పులను 15 శాతం తగ్గించింది. ప్రాణాంతక ఇన్ఫెక్షన్లు మాత్రం పెరిగాయి. ఆ తర్వాత పరీక్షించిన మెథోట్రెక్సేట్ అనే మరో మందు సి.ఆర్.పి.నీ తగ్గించలేదు, గుండెనూ కాపాడలేదు. అంటే వాపు నిజమైన కారణమే, కానీ దాన్ని ఏ మలుపులో అడ్డుకుంటామన్నది ముఖ్యం.

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో సి.ఆర్.పి. అంకెను చదవడంలో మరో చిక్కుంది. ఈశాన్య రుతుపవనాల వానల వెంట డెంగీ, స్క్రబ్ టైఫస్ జ్వరాలొస్తాయి. చిగుళ్ల జబ్బు, మానని కాలిపుండు ఉండనే ఉంటాయి. ఇన్ఫెక్షన్ సోకిన రెండు రోజుల్లోనే సి.ఆర్.పి. వందల రెట్లు ఎగబాకగలదు. అలాంటప్పుడు ఈ పరీక్ష ఇక్కడ పనికిరాదనేవారి అనుమానం సబబే, కానీ ఆ లోపం పరీక్షది కాదు, చేయించే వేళది. గుండె ముప్పు కోసమైతే మామూలు సి.ఆర్.పి. చాలదు, తక్కువ స్థాయిలనూ కొలిచే హెచ్.ఎస్. (హై సెన్సిటివిటీ) రకమే కావాలి. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు తక్కువ ముప్పు, 3 దాటితే ఎక్కువ. 10 దాటిందంటే గుండె మాట పక్కనపెట్టి ముందు జ్వరాన్నో పుండునో వెతకాలి, అది నయమయ్యాక రెండు వారాల ఎడంతో మళ్లీ రక్తం ఇవ్వాలి.