పేరులేని పతకము

మా యింటి దేవుని గూటిలో, సింహాద్రినాథుని పటముక్రింద, రూపాయికంటె వెడల్పైన వెండిబిళ్ల యొకటి నా చిన్ననాటినుండి యుండెడిది. ఏటేట అక్షయతృతీయనాడు దానికి గంధము పూయువారు. తరతరముల గంధము పేరుకొని దానిమీది బొమ్మ సరిగా కనబడెడిది కాదు. ఒక సింహమును, దానియెదుట మోకరిల్లిన యేనుగును తడిమి పోల్చుకొనెడివారము. సింహము నరసింహస్వామి యనియు, ఏనుగు గజేంద్రుడనియు మా నాయనమ్మ చెప్పెడిది. గజేంద్రుని కాచినవాడు నరసింహస్వామి కాదు గదా యని, భాగవతము చదువుకొన్న గర్వముతో నేనొకనా డడిగితిని. "ఎవరైతే నేమిరా, కాచినాడు గదా!" యని యామె నా నోరు మూయించెను.

నేను పట్టణమున చదువుకొను కాలమున, పాత పతకములను వర్ణించు నొక యింగ్లీషు పుస్తకములో మా బిళ్ల బొమ్మ కనబడెను. సెలవులకు వచ్చి గంధము కడిగి చూచితిని. సందేహము లేదు. 1824 మార్చిలో ఆరంభమై 1826 ఫిబ్రవరి 24వ తేదీని యాండబో సంధితో ముగిసిన మొదటి బర్మాయుద్ధమున పనిచేసిన దేశీయ సిపాయిలకు ఈస్టిండియా కంపెనీవా రిచ్చిన పతకమది. ఏనుగు ఆవా రాజ్యము, సింహము ఇంగ్లీషువారు. ఆవా యేనుగు ఆంగ్లసింహమునకు లొంగినదని క్రింద పారసీ లిపిలో నున్నది. రెండవవైపున రంగూను పగోడాను సేనలు ముట్టడించుచున్న చిత్రము. ఇన్నేండ్లుగా మా యింటివారు భక్తితో గంధమలది మ్రొక్కినది కంపెనీవారి విజయమునకు!

ఈ పతకము సంపాదించినవాడు నాకు ఆరవ పూర్వపురుషుడు. శ్రాద్ధమున తండ్రి, తాత, ముత్తాత యనువారికి పిండములు గలవు. ఆ పై మువ్వురును లేపభాజులని శాస్త్రము. అనగా పిండము పెట్టిన చేతి కంటుకొన్నది తుడిచివేయగా అది వారి పాలు. ఆ మువ్వురిలో చివరివా డీయన. ఆయననుగూర్చి మాకు తెలిసినదియు ఆ చేతికంటిన మెతుకులంతయే. పేరు సింహాద్రినాథుని పేరే. విశాఖపట్టణ మండలములో ఆ పేరుగలవారు ఊరికి పదిమంది.

ఆయన విషయమున మా యింట రెండు కథలు గలవు. ఒకటి మగవారి కథ. తండ్రి కొడుకునకు చెప్పుచు వచ్చినది. ఆయన కంపెనీ పటాలమున సుబేదారై, రంగూను యుద్ధమున వీరమరణము పొందెననియు, కంపెనీవారు మెచ్చి పతకమును ఇంటికి పంపిరనియు దాని సారాంశము. రెండవది ఆడవారి కథ; అత్త కోడలికి చెప్పగా నాలుగు నోళ్లు దాటి మా నాయనమ్మకు చేరినది. ఈ కథలో ఆయన చావలేదు. ఒక సంక్రాంతినాళ్లలో, నీలపంచుగల యెఱ్ఱపట్టీతో బిళ్లను ఱొమ్మున తగిలించుకొని యింటికి వచ్చెను. ఓడ యెక్కినవాడని తల్లి గుమ్మము దాటనీయక, వాకిటనే ఎత్తి నీళ్లు పోసెను. కులపెద్దలు కూడిరి. ఏమి మాటలు జరిగెనో కథలో లేదు. ఆయన బిళ్లను అరుగుమీద పెట్టి వచ్చిన దారినే వెడలిపోయెను. భార్యకు అప్పటికి ఇరువదేండ్లు. తండ్రి నెన్నడు చూడని మూడేండ్ల కొడుకు ఆమె చంకలో నుండెను. ఆమె బొట్టు ఉంచుకొనవలెనా, తీసివేయవలెనా యను ప్రశ్న పుట్టగా, ఇంటిపెద్దలు ఆయన రంగూనులోనే పోయెనని నిశ్చయించిరట.

ఈ రెంటిలో నేది నిజమో తేల్చుటకై నేను కాగితముల నాశ్రయించితిని.

సేనకు కాగితము లేనిదే అడుగు పడదు. సిపాయికి నెలకు ఏడు రూపాయల జీతము. సముద్రము దాటినచో బత్తా వేరు. ఎవనికెంత ముట్టినదియు హాజరుపట్టీలలో నెక్కవలెను. పటాలములో చేరునప్పుడు పేరు, తండ్రిపేరు, ఊరు, కులము, ఎత్తు, దేహముమీది గుర్తులు వ్రాసికొనెడివారు. కావున ఎక్కడనో యొకచోట ఆయన పేరు దొరకి తీరునని నమ్మి, రెండు వేసవి సెలవులు చెన్నపట్టణమున ఎగ్మూరులోని దస్తావేజుల భాండారమున గడపితిని. మిలిటరీ శాఖవారి వ్రాతసంపుటములు అచట బీరువాలకొలది గలవు. బియ్యమెన్ని బస్తాలు, నావలెన్ని, ఎడ్లెన్ని, ఏ దొరకు ఏ నెలలో సెలవు మంజూరైనది, అన్నియు నున్నవి. పటాలములలో ఉండవలసిన చిట్టాలు మాత్రము పటాలములతోనే మాసిపోయినవి. గవర్నరుగారి సభకు చేరినది వాని మొత్తములే.

తెల్ల సైనికుని సంగతి వేరు. మద్రాసు సేనలో చేరిన యొక ఐరిషు కూలివాని పేరు, పుట్టిన పల్లె, వయస్సు, పూర్వపు వృత్తి, ఎక్కి వచ్చిన యోడ, ఇవన్నియు లండనులో బ్రిటిషు లైబ్రరీయందలి ఇండియా ఆఫీసు పట్టికలలో నేటికిని చూడవచ్చును. అదే యుద్ధమునకు తెల్లవారికి 1851లో మంజూరు చేసిన పతకముల అంచున, పొందినవాని పేరు ముద్రింపబడి యుండును. సిపాయిల పతకమున కట్టి ఆచారము లేకపోయెను. మా బిళ్ల అంచును భూతద్దముతో ఎన్నిమారులు త్రిప్పి చూచితినో! నున్నని వెండి.

మద్రాసు సేనాచరిత్రమును కర్నలు విల్సను 1882 మొదలు 1889 వఱకు సంపుటములుగా ప్రకటించెను. శ్రమించి వ్రాసిన గ్రంథము. దానిలో ప్రతి యుద్ధముక్రిందను చచ్చిన దొరలకు పేర్లు, చచ్చిన సిపాయిలకు సాధారణముగా అంకెలు. రంగూను దండయాత్రకు పోయిన రమారమి 40,000 మందిలో 15,000 మంది నశించిరని అంచనా. కత్తికంటె జ్వరమును, రక్తగ్రహణియు ఎక్కువమందిని పొట్టబెట్టుకొనెను. సిపాయి పేరు పైయధికారుల కాగితమున కెక్కవలెనన్న, అతడు నేరము చేసి కోర్టుమార్షలుకైన రావలెను, పింఛనుకు అర్జీయైన పెట్టుకొనవలెను, లోకోత్తరమగు సాహసమైన చూపవలెను. చెప్పినట్లు నడచుకొని, ఏడు రూపాయలు పుచ్చుకొని, అవయవలోపము లేక తిరిగివచ్చినవానికి ఆ సంపుటములలో తావు లేదు.

ఒక సంపుటమున మా వాని పేరే గల జమేదారొకడు కనబడినపుడు నా చేయి వణకినమాట నిజము. ఊరు లేదు, తండ్రిపేరు లేదు, కులము లేదు. మా పెద్దనాన్నగారు ఆ సంగతి విని, "సుబేదారు కాకున్న జమేదారే కానీ, వ్రాసివేయుము" అనిరి. నాకు మనసొప్పలేదు. ఊరికి పదిమందికి గల పేరు పట్టుకొని పరుల తాతను మన తాతగా చేసికొనుట కంటె తాత లేకుండుటయే మేలు.

సేనలో దొరకనివాని జాడ, వాని భార్యాబిడ్డలద్వారా జనాభా లెక్కలలో దొరకునేమో యని పిమ్మట ఆశ పుట్టెను. మద్రాసు రాజధానియందు మొదటి సమగ్రమగు జనపరిగణనము 1871 నవంబరులో జరిగినది. చంక నున్న కొడుకు అప్పటికి నలువదేడేండ్లవాడు; తల్లి బ్రతికియుండిన అరువది దాటినది. ఆమె యెదుట "విధవ" యని వ్రాసిరో, "సభర్తృక" యని వ్రాసిరో చూడవలెనని నా కోరిక. ఇంగ్లండులో 1841 మొదలుకొని యింటింటి పేర్లు వ్రాసిన కాగితములు దాచియుంచి, నూరేండ్లు నిండిన పిదప లోకమునకు చూపుచున్నారు. 1921 నాటివి 2022 జనవరిలో బయటపడెను. మనదేశమున లెక్కలు కూడి సంపుటములు అచ్చైన పిదప పేర్లున్న కాగితములను నిలువయుంచలేదు. కార్నిషు దొర 1871 నాటి లెక్కలపై వ్రాసిన నివేదికయందు మూడుకోట్లకు పైబడిన జనమును మండలములుగా, మతములుగా, కులములుగా, వృత్తులుగా చూపెను. కులవిభాగము విషయమున జనులలోనే ఏ యిద్దరికిని ఏకాభిప్రాయము లేదని వాపోవుచునే, పట్టికలు మాత్రము కులములవారీగానే వేసెను. మా మండలములో జనులెందరో ఒక పట్టికవలన తెలిసికొనవచ్చును. అందులో ఒకతె నిజముగా వితంతువు అగునో కాదో తెలిసికొనుటకు మార్గము లేదు.

కాగితములు చిక్కినను ఆమె పేరు చిక్కెడిదని చెప్పజాలను. నాటి గణకులకు దొరతనమువా రిచ్చిన సూచనలలో, స్త్రీల పేర్లు చెప్పుటకు ఇంటివారు సమ్మతింపని పక్షమున బలవంతపెట్టక, "స్త్రీ" యని వ్రాసిన చాలునని యుండెడిది. మర్యాదకై చేసిన యేర్పాటే. దాని ఫలితము మర్యాదగా లేదు.

ఓడ యెక్కినంతమాత్రమున ఇంట చోటు లేకపోవుట నేటివారికి వింతగా తోచును. బౌధాయనుడు పతనీయములను లెక్కించుచు సముద్రయానమును మొదట చేర్చినమాట వాస్తవమే. అదే బౌధాయనుడు ఔత్తరాహుల ఆచారములను చెప్పుచు, ఆయుధవృత్తిని, సముద్రయానమును వారికి వాడుకయైనవానిగా పేర్కొనెను. శాస్త్రము తెలిసి మొదటి వాక్యమును ఉదాహరించువారు రెండవదానిని మఱచుట మన దేశమున క్రొత్త గాదు. భయము మాత్రము నిజమైనది. 1780 అక్టోబరులో విశాఖపట్టణమున సిపాయిలు ఓడ యెక్కి చెన్నపట్టణము పోవలెనన్న యాజ్ఞను ధిక్కరించి దొరలను కాల్చిరి. 1824 నవంబరు 2వ తేదీని బారకుపూరులో 47వ బంగాళ పటాలము బర్మాయుద్ధమునకు కదలనన్నది. ఎడ్లబండ్ల ఖర్చుతోపాటు సముద్రభయమును అందులకు కారణము. వారిపై ఫిరంగులు ప్రయోగించిరి. బంగాళ సిపాయిలు జంకిన యా సముద్రమును దాటి రంగూనుకు పోయినవారిలో అధికసంఖ్య మద్రాసు సేనవారు, వారిలో తెలుగువారు మెండు. ఉత్తరదేశమున సిపాయి యన్నవానికి "తిలంగా" యను పేరు వచ్చుటకు మనవారే మూలము. ఆ పేరు దేశము నిలుపుకొన్నది. మనవాడు ఇంటికి వచ్చినపుడు మనము నిలుపుకొనలేదు.

అంతకంటె విచిత్రము మఱియొకటి గలదు. ఆ శతాబ్దము ముగియులోపల మా మండలమునుండియు, గోదావరి మండలమునుండియు జనము వేలకొలది పొగయోడలలో రంగూనుకు కూలికి పోజొచ్చిరి. బర్మాలో వారిని కోరంగి రేవు పేరున "కొరంగీ"లనిరి. 1941 డిసెంబరులో జపానువారి బాంబులు పడువఱకు ఆ రాకపోకలు సాగినవి. రంగూను రూపాయలతో మా యూళ్లలో పెంకుటిండ్లు లేచినవి. ఆ రూపాయలకు ఎవరును ఎత్తి నీళ్లు పోయలేదు. మా కులపెద్దల మనుమలు కొందరు అట్లు పోయివచ్చినవారే. మా సిపాయి చేసిన తప్పు ఓడ యెక్కుట గాదు, తొందరపడి యెక్కుట.

ఇక నిజము తేల్చుమాట. పతకము సంధి జరిగిన పిదప నిచ్చినది. అందువలన ఆయన బ్రతికియుండెనని తోచునుగాని, పెద్దనాన్నగారు చెప్పునట్లు చనిపోయినవాని వారసులకు పంపియుండరాదా యను శంక మిగులును. నా తీర్పునకు ఆధారము వేఱొకటి. మా బిళ్లకు నేడు పట్టీ లేదు. మా తాతగారు గాని, వారి తండ్రిగారు గాని దానిని పట్టీతో చూచినవారు గారు. మగవారి కథలో పట్టీ ప్రసక్తియే లేదు. అయినను మా నాయనమ్మ, అక్షరము ముక్క రానిది, "నీలపంచు ఎఱ్ఱపట్టీ" యని చీర సంగతి చెప్పినట్లు చెప్పెడిది. ఆమె పోయిన యెనిమిదేండ్లకు పుస్తకమున చూచితిని: ఆ పతకపు పట్టీ ఎఱ్ఱనిది, అంచులు నీలము.

పట్టీ నిజమైనంతమాత్రమున వాకిట నీళ్లు పోయుటయు నిజమని న్యాయస్థానమున ఒప్పింపలేను. కాని రెండువందల యేండ్ల దూరమున రెండు సాక్ష్యములలో ఒకటి సరిచూడదగిన ఒక్క యంశమున సరిపోగా, రెండవదానిలో సుబేదారు పదవికిగాని, వీరమరణమునకుగాని ఎచ్చటను ఆధారము దొరకకుండగా, ఏ పక్షమున మొగ్గవలెనో నాకు స్పష్టముగనే యున్నది. ఆయన బ్రతికియుండగా ఆమె వితంతువుగా బ్రతికినది. తన కథను కొడుకుతో గాక కోడలితో చెప్పినది. కొడుకునకు చెప్పిన కథ యేదో మగవారి కథవలన మనకు తెలియును.

2011వ సంవత్సరపు జనాభా లెక్కలకు, ఇతర ఉపాధ్యాయులవలె నన్నును గణకునిగా నియమించిరి. ఒక యింట ముదుసలి యొకతె భర్తపేరు నోట పలుకక, మనుమని పిలిచి చెప్పించెను. ఇంకొక యింట యజమానిని భార్యపేరడుగగా, "మా యింటిది" యని యూరకుండెను. రేషనుకార్డు తెప్పించి చూచి, ఆమె పేరు మూడక్షరములును విడివిడిగా వ్రాసికొంటిని. 1948 నాటి చట్టము 15వ సెక్షను ప్రకారము ఆ కాగితములను ఎవ్వరును చూడరాదు. న్యాయస్థానమున సాక్ష్యముగను చెల్లవు. బ్రతికియున్నవారి రక్షణకు అది యవసరమేయని యొప్పుకొందును.

మొన్న మా యింట వంశవృక్షము తిరుగవ్రాయవలసివచ్చి ఆ పని నాకప్పగించిరి. ఆరవతరపు గడిలో ఆయన పేరు వ్రాసి, "సిపాయి, రంగూను యుద్ధమునుండి తిరిగివచ్చెను, తరువాతి జాడ తెలియదు" అని చేర్చితిని. ఇంతవఱకు పురుషులకే గడులుండిన యా వృక్షమున ప్రతివాని ప్రక్కను భార్యకు గడి గీచితిని. ఆయన ప్రక్కగడిలో "పేరు తెలియదు; ఈ కథ చెప్పినది ఈమె" యని వ్రాసితిని. పెద్దనాన్నగారు కళ్లద్దములు సవరించుకొని రెండుమారులు చదివిరి. మొదటి గడిలోనిది ఏమియు ననలేదు. రెండవ గడిలో సగము కొట్టివేయుమనిరి. నేను కొట్టివేయలేదు.