లాకుల దగ్గర జనం

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతంలో నీటి ఒడ్డున సరదాగా గడపడం అనగానే ఇప్పుడు అందరికీ తోచేది సూర్యలంక. ఆదివారం వచ్చిందంటే గుంటూరు నుంచి, విజయవాడ నుంచి, హైదరాబాదు నుంచి కూడా కార్లు బాపట్ల మీదుగా సముద్రం దారి పడతాయి. స్వదేశ్ దర్శన్ రెండో విడతలో ఆ తీరానికి చోటు దక్కాక, నీటి ఒడ్డు వినోదం ఈ ప్రాంతానికి కొత్తగా వస్తోందన్న మాట తరచు వినపడుతోంది. ఆ మాట చరిత్రకు నిలవదు. ఇక్కడి జనం నీటి పక్కన గుమిగూడి పండగ చేసుకోవడం, నాటకం చూడటం, కబుర్లాడటం సముద్రం కంటికి ఆనని దూరంలో, కృష్ణ కాలువల గట్ల మీద పెరిగిన అలవాటు. గుంటూరు–తెనాలి దారిలో ఉన్న సంగం జాగర్లమూడి లాంటి ఊళ్ళు దాని నిలయాలు. నీటి ఒడ్డును వినోదం కోసమని అక్కడ ఎవరూ కట్టలేదు. మనుషులు రోజూ రాక తప్పని పనులు కొన్ని ఒకేచోట కలవడం వల్ల అది ఉమ్మడి స్థలమైంది. ఆ పనులు ఒక్కొక్కటే విడిపోతూ వచ్చాక సరదా కూడా వాటి వెంటే వెళ్ళిపోయింది. ఈ వ్యాసం చెప్పదలచుకున్నది ఇదే.

ముందు సముద్రం సంగతి చూద్దాం. ఈ తీరం ప్రపంచానికి ఏనాడో తెలుసు. 13వ శతాబ్దంలో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లిలో ఓడ వర్తకులకు అభయ శాసనం వేయించాడు. 1611లో ఆంగ్లేయుల గ్లోబ్ ఓడ మచిలీపట్నం చేరకముందే నిజాంపట్నం దగ్గర ఆగింది. అయితే వర్తకుడికి రేవు, బెస్తవారికి వేట, చినగంజాం వైపు ఉప్పు మళ్ళు, తీరమంటే ఇవే. కాలక్షేపానికి కడలి ఒడ్డుకు పోవాలన్న ఆలోచన తీరవాసులకు లేదు, ఉండవలసిన అవసరమూ లేదు. పైగా సముద్రమంటే భయం; 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన ఎలాంటిదో రేపల్లె, నిజాంపట్నం వైపు వారికి ఎవరూ చెప్పనక్కర్లేదు. లోపలి ఊళ్ళవారు ఏడాదికి ఒకటి రెండుసార్లు, కార్తీక పున్నమికో మాఘ పున్నమికో, సముద్ర స్నానానికి బండ్లు కట్టుకుని వెళ్ళి మునిగి వచ్చేవారు. అది యాత్ర. నిత్యం జరిగేదాన్ని వెతకాలంటే కాలువల దగ్గరికే రావాలి.

ఆ కాలువలు కరువు నుంచి పుట్టాయి. 1832–33లో వచ్చిన డొక్కల కరువు గుంటూరు సీమను ఊళ్ళకు ఊళ్ళుగా ఖాళీ చేసింది. ఆ తర్వాత ఇరవై ఏళ్ళకు గానీ బెజవాడ దగ్గర కృష్ణకు అడ్డంగా ఆనకట్ట పని మొదలు కాలేదు. 1852లో ఆరంభమై 1855లో పూర్తయింది. ఆర్థర్ కాటన్ సిఫారసు చేయగా కెప్టెన్ ఓర్ పనిని నడిపించాడు. ఇక్కడొక విషయం గుర్తుంచుకోవాలి. కాటన్ దృష్టిలో కాలువ అంటే పొలానికి నీరు మాత్రమే కాదు, సరుకుకూ మనిషికీ దారి కూడా. రైళ్ళ మీద పెట్టే డబ్బు జలమార్గాల మీద పెడితే దేశానికి ఎక్కువ మేలని ఆయన చివరిదాకా వాదించాడు. అందుకే కృష్ణా డెల్టా ప్రధాన కాలువలను పడవలు తిరిగేలా తవ్వారు. సీతానగరం దగ్గర బయలుదేరిన పశ్చిమ కాలువ దుగ్గిరాల చేరాక చీలిపోతుంది. ఆ చీలికల్లో కొమ్మమూరు కాలువ సంగం జాగర్లమూడి పక్కగా సాగి, పెదగంజాం దగ్గర బకింగ్‌హాం కాలువలో కలుస్తుంది. 1876–78 నాటి పెద్ద కరువులో బకింగ్‌హాం కాలువను ఉత్తరానికి పొడిగించి ఈ అతుకు వేశాక, దుగ్గిరాలలో పడవ ఎక్కినవాడు మద్రాసులో దిగగలిగేవాడు. తెనాలి పట్టణం మధ్యగా మూడు కాలువలు పారుతాయి. దాన్ని ఆంధ్రా ప్యారిస్ అనడానికి చెప్పే కారణాల్లో ఇదొకటి.

పడవ ప్రయాణంలో జనాన్ని కలిపినవి లాకులు. పై కాలువకూ కింది కాలువకూ మట్టంలో తేడా ఉన్నచోట రెండు జతల తలుపుల మధ్య రాతి తొట్టి కడతారు. కింది నుంచి వచ్చిన పడవ తొట్టిలో చేరగానే లాకు సిబ్బంది అయిన లస్కర్లు వెనుక తలుపులు మూస్తారు. ముందు తలుపుల అడుగున ఉన్న చిన్న షట్టర్లు ఎత్తితే పై కాలువ నీరు సుడులు తిరుగుతూ లోపలికి దూకుతుంది, పడవ గోడ వెంట జానెడు జానెడుగా లేస్తుంది. లోపలి మట్టం, బయటి మట్టం సమానమయ్యేదాకా ఎంత బలం పెట్టినా ఆ తలుపు తెరుచుకోదు. సమానమయ్యాక సులువుగా కదులుతుంది. ఈలోగా వెనక మరో నాలుగు పడవలు వరసలో ఉండేవి. భుజాన తాడు వేసుకుని గట్టు వెంట పడవ లాగుతూ వచ్చిన మనుషులు అక్కడే కూలబడి అలుపు తీర్చుకునేవారు. ధాన్యం బస్తాల పడవ, ఉప్పు పడవ, పెళ్ళివారి పడవ అన్నీ ఆగేవి. ఆగిన చోట తినుబండారాలు అమ్మేవారు చేరేవారు, పక్క ఊరి ధరలు తెలిసేవి, సంబంధాల మాటలు నడిచేవి. ఆగక తప్పనితనమే లాకులను కూడలిగా మార్చింది. రోడ్డు మీద ఇలాంటి నిలుపుదల రైల్వే గేటు దగ్గర తప్ప ఉండదు. అక్కడ ఎవరి వాహనంలో వారు కూర్చుని ఉంటారు.

ఇక సంగం జాగర్లమూడి. ఊరికి గుర్తింపు తెచ్చినది సంగమేశ్వరస్వామి గుడి, అక్కడి శివరాత్రి. కాలువ వయసు 170 ఏళ్ళయితే శివుడి గుడికీ తిరునాళ్ళకూ మూలం అంతకు ముందటిది కదా, జనాన్ని చేర్చింది దేవుడే గాని కాలువ కాదు కదా అని ఎవరైనా అనవచ్చు. ఇందులో సగం నిజం ఉంది. గుడి కారణమిచ్చింది. కాలువ ఆ కారణానికి వీలు కల్పించింది. వేలమంది ఒకచోట ఒక పగలూ ఒక రాత్రీ ఉండాలంటే తాగడానికి, స్నానానికి, ఎడ్లకు నీరు కావాలి. పిల్లలతో, ముసలివారితో దూరం నుంచి రావడానికి దారి కావాలి. ఎండలు ముదరబోయే మాఘ మాసం చివర్లో ఈ రెండూ ఇచ్చినది పారే కాలువ. అది భక్తే గాని వినోదం కాదన్నది మరో అభ్యంతరం. ఇది శివరాత్రి తీరు తెలియక అనే మాట. ఉపవాసం పగటిది, జాగారం రాత్రిది. నిద్ర కాచుకోవడానికి కాలక్షేపం ఉండాలి గనకనే హరికథలు, బుర్రకథలు, తెల్లవార్లూ పౌరాణిక నాటకాలు తిరునాళ్ళలో భాగమయ్యాయి. తెనాలి నాటక సమాజాలకు పేరు రావడానికి ఇలాంటి రాత్రుల ఆదరణ ఒక కారణమని నేను అనుకుంటాను. బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు తెనాలి రామవిలాస సభ వేదిక మీద స్త్రీ పాత్రలతో జనాన్ని ఊపేసిన కాలంలో, పద్యం ఎక్కడ విరవాలో, ఎక్కడ వన్స్‌మోర్ కొట్టాలో తెలిసిన ప్రేక్షకులు ఈ పల్లెల్లో అప్పటికే తయారై ఉన్నారు. ఆ చదువు బడిలో వచ్చినది కాదు.

కార్తీకంలో కాలువలు నిండుగా ఉంటాయి, వరి పొట్ట మీద ఉంటుంది. తెల్లవారుజామున రేవుల్లో స్నానాలు, గట్టు పక్క తోటల్లో ఉసిరి చెట్టు కింద వనభోజనాలు, నెల ముగిశాక పోలి పాడ్యమినాడు అరటి దొప్పల్లో దీపాలు. ఆ వేకువన ఆడవాళ్ళు గుంపుగా వచ్చి దొప్ప నీటిలో వదిలి, అది పక్కకు ఒరగకుండా చేత్తో నీటిని తోస్తారు. దీపం ముందుకు సాగాలంటే పారే నీరు కావాలి. చెరువులో ఆ పని అంత బాగా జరగదు.

ఈ జీవితం ఎలా కరిగిపోయిందో చెప్పడానికి ఒక్క తేదీ చాలదు. బెజవాడ–మద్రాసు రైలు మార్గం 1899కి పూర్తయింది. 1916లో గుంటూరు నుంచి తెనాలి మీదుగా రేపల్లెకు రైలు వచ్చింది. సంగం జాగర్లమూడికి స్టేషను దక్కింది. మనుషులు ముందు పడవ దిగారు, బస్తాలు ఆ తర్వాత. లారీలు వచ్చాక మిగిలిన సరుకూ పోయింది. పడవలు లేని లాకులు కేవలం నీటి మట్టం చూసుకునే షట్టర్లుగా మిగిలాయి. తర్వాత వీధి కుళాయి, ఇంటి కుళాయి వచ్చి బిందెను, స్నానాన్ని రేవు నుంచి తీసుకుపోయాయి. ఆడవాళ్ళ నడుముకు అది పెద్ద ఊరట, దాన్ని తక్కువ చేసే మాట ఒక్కటీ నేను అనను. అయితే ఒక పని పోయినప్పుడల్లా గట్టు మీదికి వచ్చే కళ్ళు తగ్గాయి. చూసేవారు లేని నీటిలోకి ఊళ్ళ మురుగు, చెత్త చేరడానికి ఎక్కువ కాలం పట్టలేదు. మురికి అయిందని జనం మానేశారా, జనం మానేశాక మురికి అయిందా అంటే రెండూ ఒకదాన్నొకటి పెంచుకున్నాయి. మొదలు మాత్రం జనం తగ్గడమే అనిపిస్తుంది. రోజూ తాగే రేవులో చెత్త పోయడాన్ని ఊరు చూస్తూ ఊరుకోదు.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం ఇంకొకటి ఉంది. ఉమ్మడి స్థలం అంటున్న ఆ గట్టు ఎవరికి ఉమ్మడి? పల్లె రేవుల్లో కులానికొక హద్దు ఉండేది. నీటి దగ్గరే కులం అన్నిటికంటే పచ్చిగా బయటపడేది. 1985 జులైలో చీరాల పక్కన కారంచేడులో దళితుల మీద జరిగిన మారణకాండకు ముందు తగాదా రేగినది వారి మంచినీటి చెరువు దగ్గరే. 1991 ఆగస్టు 6న తెనాలికి దగ్గరలోని చుండూరులో ఎనిమిదిమంది దళితులు హతులయ్యారు. ఆ తగాదాకు మొదలు సినిమా హాల్లో కాలు తగలడం. కొందరి శవాలను గోతాల్లో కట్టి కాలువలో పడేశారు. ఈ కాలువల చరిత్ర రాస్తూ దీన్ని దాటవేసేవారు చరిత్ర రాయడం లేదు. ఈ అభ్యంతరానికి నా దగ్గర పూర్తి సమాధానం లేదు, ఉండకూడదు కూడా. అయినా దీని నుంచి నేను తీసే నిర్ణయం వేరు. మనుషులు కలిసే చోట్ల గొడవ పుట్టింది కాబట్టి అలాంటి చోట్లు పోవడమే మేలని ఎవరైనా అంటే, హద్దులు గీసినవారికే గెలుపు ఇచ్చినట్టు. పాత రేవును ఉన్నది ఉన్నట్టు తిరిగి కోరవలసిన పని లేదు. హద్దు లేని రేవును కోరవచ్చు. కార్తీక పున్నమినాడు సూర్యలంకలో ఇసుక మీద ఎవరి రేవు ఎక్కడో గీయడం ఎవరికీ సాధ్యం కాదు. సముద్ర స్నానానికి ఇంత ఆదరణ పెరగడంలో ఆ స్వేచ్ఛకూ వాటా ఉందనుకోవడం తప్పు కాదు.

మంచినీటి రక్షణ మాటేమిటని ఇంజనీర్లు అడగవచ్చు. గుంటూరు నగరానికి తాగునీరు ఇచ్చే హెడ్‌వాటర్ వర్క్స్‌లో ఒకటి సంగం జాగర్లమూడిలోనే ఉంది. లక్షలమంది తాగే నీటికి కంచె వేయడం న్యాయం. కాని కంచె ఆ ఆవరణకు కావాలి, మొత్తం కాలువ గట్టుకు కాదు. పైగా ఎగువన ఉన్న ఊళ్ళు కాలువను తమదనుకుంటేనే దిగువన గుంటూరు నీరు బాగుంటుంది. స్నానం చేసే మనిషి కలిపే మురికి ఎంత, శుద్ధి లేకుండా కలిసే మురుగు ఎంత అన్న లెక్క వేస్తే ముందు ఆపవలసినది ఏదో తెలుస్తుంది.

2008లో కాకినాడ–పుదుచ్చేరి నాలుగో జాతీయ జలమార్గంలో కొమ్మమూరు కాలువను కూడా చేర్చారు. సరుకు పడవల సంగతి అటుంచి, దాని పేరు చెప్పి లాకులను, పాత రాతికట్టును బాగుచేసినా మేలే. పట్టణాల్లో కాలువగట్ల సుందరీకరణ అంటే ఇనప కమ్ములు, రంగు దీపాలు, నాలుగు బెంచీలు పెట్టడమైపోయింది. కమ్మి మనిషిని నీటి నుంచి వేరు చేస్తుంది. మెట్టు నీటి దగ్గరికి తెస్తుంది. కాలువలో పడి పోయిన ప్రాణాలు గుర్తున్నవారు మెట్లంటే భయపడటం సహజం. సూర్యలంకలోనూ అలలు ప్రాణాలు తీస్తూనే ఉన్నాయి, అక్కడ ఎవరూ సముద్రానికి గోడ కట్టమనలేదు; గజ ఈతగాళ్ళను, పోలీసులను పెట్టమన్నారు. కాలువకూ అదే న్యాయం వర్తించాలి: లోతు తక్కువున్న చోట మెట్లు, పట్టుకోవడానికి గొలుసు, పండగ రోజుల్లో కాపలా, ఖాళీగా ఉన్న లస్కరు ఉద్యోగాల భర్తీ. ఇంకొకటి కూడా అడగాలి. కాలువలు ఎప్పుడు వదలాలో, ఎప్పుడు కట్టేయాలో సాగునీటి సలహా మండలి సమావేశాల్లో నిర్ణయిస్తారు. అక్కడ పంటల మాట, తాగునీటి చెరువుల మాట వస్తాయి. శివరాత్రికీ పోలి పాడ్యమికీ గట్టు కింద మోకాలి లోతు నీరైనా ఉంచాలని సంగం జాగర్లమూడి లాంటి ఊళ్ళ పంచాయతీలు తీర్మానం చేసి, ఆ సమావేశం ముందు పెట్టవచ్చు.