సూదియు కామెర్లును

నల్లగొండ, పాలమూరు పల్లెలలో పసిరికలు, అనగా కామెర్లు, సోకినవానికి మొదట జ్ఞప్తికి వచ్చునది నేల ఉసిరి; ఆస్పత్రి ఆ తరువాతి మాట. చదువుకొన్నవారు ఈ నమ్మకమును నవ్వి త్రోసివేయుదురు గాని, హెపటైటిస్-బి వైరస్ జాడను బయలుపఱచి 1976లో నోబెల్ బహుమానమందిన బ్లూంబర్గు పండితుడే మద్రాసు పరిశోధకులతో గూడి ఆ మొక్కను పరీక్షించి, 1988లో ఆశాజనకమైన ఫలితమును ప్రకటించెను. తరువాతి పరీక్షలు దానిని స్థిరపఱుపలేదు.

కామెర్లన్నియు ఒక్కటి కావు. కలుషజలముచే వచ్చునవి కొన్ని; రక్తము వెంట వచ్చు బి, సి రకములు ఏండ్ల తరబడి కాలేయమున దాగి దానిని గట్టిపఱచును. వీనికి సూది రాజమార్గము. "సూదేస్తెనే తగ్గుతది సారూ" యని రోగి పట్టుబట్టగా, ఆరెంపీ డాక్టరు స్పిరిటు పొయ్యిపై గిన్నెలో గాజు సిరంజిని రెండు పొంగులు రానిచ్చి, ఆ సూదినే వరుసగా పదిమందికి గ్రుచ్చిన కాల మొకటి యుండెను. ప్లాస్టికు సిరంజి వచ్చిన పిదపను భయము తీరలేదు: ఈ శతాబ్దపు తొలినాళ్ల జాతీయ పరిశీలనలో, దేశమున ఏటా వేయు సుమారు 300 కోట్ల సూదులలో నూటికి 63 సురక్షితములు కావని తేలినది.

వైద్యుని సూదికే ఈ గతి పట్టగా, మత్తుకై చాటున సూది పంచుకొనువారి గతి చెప్పనేల? వారి రక్షణకై తొలి యత్నము 1984లో ఆమ్‌స్టర్‌డామ్‌లో, హెపటైటిస్-బి భయముననే, ఆ వ్యసనపరుల సంఘము చొరవతోనే జరిగెను: వాడిన సూది తెచ్చినవానికి క్రొత్తది యిచ్చిరి. మన దేశమున ఈ పద్ధతి 1990వ దశకమున మణిపురమున మొలకెత్తి, ఎయిడ్సు నివారణతో జాతీయ కార్యక్రమమాయెను. నాలుక క్రింద నుంచుకొను బుప్రెనార్ఫిన్ మాత్రతో సూది అవసరమునే తగ్గించు చికిత్సయు దానికి తోడాయెను.

మన మెట్టసీమలోనన్ననో మత్తు ప్రధానముగా వచ్చినది సూదిలో కాదు, కల్లు సీసాలో. క్లోరల్ హైడ్రేటు, డయాజిపాం, ఆల్ప్రజోలం కలిపిన కల్లునకు అలవాటుపడిన కూలిజనము, 2015 సెప్టెంబరులో ఆబ్కారీవారి దాడులచే ఆ కల్తీ ఒక్కసారిగా ఆగగానే, చేతులు వణకుచు, పొంతనలేని మాటలాడుచు, పాలమూరు మొదలగు చోట్ల ఆస్పత్రులు నింపిరి. వస్తువును పట్టుకొనుటయే నివారణమని తలచు పాలకులకు ఇంతకంటె స్పష్టమైన పాఠము వేఱొకటి లేదని నా అభిప్రాయము. సూది విషయమునను న్యాయ మిదియే.

ఇక కామెర్ల నివారణ మాటకు వచ్చినచో, బి రకమునకు టీకా కలదు. దిగుమతి టీకా వందల రూపాయలు పలుకుచున్న దినములలో, ఇంజనీరగు వరప్రసాదరెడ్డి హైదరాబాదున నెలకొల్పిన శాంతా బయోటెక్నిక్సు 1997లో స్వదేశీయ టీకాను సుమారు 50 రూపాయలకు అందించెను. 2011 నాటికి దేశమందలి శిశువులందఱి పట్టికలో అది చేరినది. అంతకు ముందు పుట్టిన పెద్దలలో అనేకులకు అది దక్కలేదు. సూది మత్తునకు లోనగువారికి ఆ టీకా నీయవలెనని 2012లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రత్యేకించి చెప్పవలసి వచ్చినది.

1989లో గుర్తింపబడిన సి రకమునకు నేటికిని టీకా లేదు. అయినను 2018 జూలై 28న ఆరంభమైన జాతీయ కార్యక్రమము క్రింద ఉచితముగా నిచ్చు మాత్రలు, పెక్కుమందికి పండ్రెండు వారములలోనే దానిని నయము చేయుచున్నవి. నయమైనవాడు మఱల సూది పంచుకొన్నచో మఱల సోకును. కావున మాత్ర లిచ్చు చేతులే అతనికి శుభ్రమైన సూదిని గూడ నీయవలెను.