ఏటీవీ టైరు: మట్టి ట్రాకు పందేల చరిత్ర

ఏటీవీ టైరు అంటే ఎగుడుదిగుడు నేలల మీద తిరిగే చిన్న నాలుగు చక్రాల బండికి వేసే, తక్కువ గాలితో నడిచే వెడల్పాటి రబ్బరు టైరు. మోటారు సైకిలు టైరులో మామూలుగా 25 నుంచి 35 పీఎస్ఐ దాకా గాలి కొడతారు. ఏటీవీ టైరుకు 10 లోపే చాలు, పందేల్లో అయితే 4 నుంచి 8 మధ్య ఉంచుతారు. నేలకు లొంగడం దీని పుట్టుగుణం. పందేలు మొదలయ్యాక రెండో గుణం కూడా అవసరమైంది: నేలను కరుచుకోవాలి, మలుపులో వదిలెయ్యాలి. ఈ రెండు గుణాలూ ఒకదానితో ఒకటి పడవు. టైరు తయారీదారులు యాభై ఏళ్లుగా చేస్తున్న పని వాటిని రాజీ చెయ్యడమే.

ఏటీవీ పందెం కోనసీమలో పుట్టిన ఆట కాదు. అయితే దాని టైర్ల వెనకున్న చిక్కు ఇక్కడి రైతుకు కొత్తదీ కాదు. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట నీళ్లు కాలువల వెంట పారాక గౌతమి, వసిష్ఠ పాయల నడుమ వరిసాగు స్థిరపడింది. కొత్తపేట, అమలాపురం వైపు ఒండ్రు నేల తడిసిందంటే బంకలా అంటుకుంటుంది. అంతర్వేది, ఓడలరేవు తీరాలకు వెళితే కాళ్ల కింద జారిపోయే ఇసుక. చేలలోకి వెళ్లే పుంత ఎండాకాలంలో రాయిలా ఉంటుంది, తొలకరి పడగానే చక్రాన్ని మింగేస్తుంది. ఒకే చక్రం ఈ మూడింటికీ పనికిరాదని ఇక్కడ ఎవరికీ చెప్పనక్కర్లేదు.

పాత ఎడ్లబండి చక్రం ఎత్తుగా, సన్నగా ఉండేది, చుట్టూ ఇనుప పట్టా. అది బురదలో తేలాలని చూడదు, దిగిపోయి అడుగునున్న గట్టి నేలను అందుకుంటుంది. తర్వాత వచ్చిన టైరుబండి దీనికి తలకిందులు. గాలి నింపిన రబ్బరు బరువును వెడల్పుగా పరచి, నేల పైపొర మీదే నడిపిస్తుంది. గట్టి దారిలో ఎడ్లకు అది ఎంతో తేలిక. ట్రాక్టర్లు వచ్చాక దమ్ముకు ఇనుప దమ్ము చక్రాలు తయారయ్యాయి. వీటిని కొందరు టైరు తీసేసి బిగిస్తారు, కొందరు టైరు పక్కన అదనంగా తగిలిస్తారు. ఇనుప వలయాల మధ్య అడ్డబద్దలు తప్ప లోపలంతా ఖాళీయే కాబట్టి బురద పేరుకోదు, తిరుగుతుండగానే రాలిపోతుంది. వీటితో తారు రోడ్డెక్కితే రోడ్డు చీరుకుపోతుంది, అందుకే అధికారులు జరిమానాలు వేస్తుంటారు. మునిగి పట్టు దొరికించుకోవడం, తేలి నడవడం, మట్టిని విదిలించుకోవడం: పందెపు టైర్ల కంపెనీలు ఇప్పటికీ ఈ మూడు ఉపాయాలనే తిప్పితిప్పి వాడుతున్నాయి.

ట్రాక్టరు నుంచి బెలూను దాకా

మట్టి మీద తక్కువ గాలి టైరు సత్తాను జనానికి చూపించింది ట్రాక్టరే. 1932 వరకూ అమెరికా ట్రాక్టర్లు ఎక్కువగా ఇనుప చక్రాల మీదే నడిచేవి. ఆ ఏడాది ఆలిస్-చామర్స్ కంపెనీ ఫైర్‌స్టోన్ వారి విమాన టైర్లను ట్రాక్టరుకు తొడిగి పొలంలో దున్నించి చూసింది. రైతులు నమ్మలేదు. రబ్బరు దుక్కిలో నిలుస్తుందా అన్నది వాళ్ల సందేహం. అప్పుడు కంపెనీ సంతల్లో ట్రాక్టరు పందేలు పెట్టింది. 1933లో డల్లాస్‌లో పేరుమోసిన కారు పందేల వీరుడు బార్నీ ఓల్డ్‌ఫీల్డ్ రబ్బరు టైర్ల ట్రాక్టరును గంటకు 64 మైళ్లు, అంటే వంద కిలోమీటర్లకు పైగా తోలాడు. దుక్కి దున్నే బండికి ఆ వేగం దేనికని అడిగినవాళ్లు ఉండే ఉంటారు. టైరును అమ్మిపెట్టింది మాత్రం ఆ తమాషాయే.

ఏటీవీ కథ జపానులో మొదలైంది. చలికాలంలో మోటారు సైకిళ్లు అమ్ముడుపోక డీలర్లు ఖాళీగా కూర్చుంటున్నారని 1967లో అమెరికా హోండా శాఖ మాతృసంస్థకు మొర పెట్టుకుంది. మంచులో, ఇసుకలో, బురదలో తిరిగే బండి కావాలంది. ఇంజనీరు ఒసాము టకేయుచి చక్రాల సంఖ్య మార్చి మార్చి చూసి చివరికి మూడు చక్రాల దగ్గర ఆగాడు. 22 అంగుళాల ఎత్తున్న బెలూను టైర్లే ఆ బండికి ప్రాణం. స్ప్రింగులు లేవు, కుదుపులను టైర్లే మింగుకోవాలి. 1970లో యూఎస్90 పేరుతో 595 డాలర్లకు మార్కెట్లోకి వచ్చింది. మరుసటి ఏడాది జేమ్స్ బాండ్ సినిమా ‘డైమండ్స్ ఆర్ ఫరెవర్’లో షాన్ కానరీ దాన్ని తోలడంతో ఊరూరా పేరు పాకింది. ఆ తొలి టైర్ల మీద లోతైన బొడిపెలు లేవు, అవసరమూ లేదు, మునగకుండా ఉంటే చాలు.

వేగం పెరగగానే ఆ మెత్తదనమే శాపమైంది. మలుపులో బెలూను టైరు పక్కకు ఒరిగిపోతుంది, గెంతి దిగితే బంతిలా మళ్లీ ఎగురుతుంది. 1981లో హోండా వేగపు మూడు చక్రాల బండి ఏటీసీ250ఆర్‌ను, 1985లో సుజుకి ఎల్‌టీ250ఆర్ అనే నాలుగు చక్రాల పందెపు బండిని తెచ్చాయి. ఆ తర్వాతి రెండేళ్లలోనే హోండా టీఆర్‌ఎక్స్250ఆర్, యమహా బాన్షీ వచ్చాయి. మూడు చక్రాల బండ్లు బోల్తాపడి ప్రాణాలు తీస్తున్నాయని గొడవ ముదిరి, 1988లో కంపెనీలు అమెరికా ప్రభుత్వంతో ఒప్పందానికొచ్చి వాటి అమ్మకం ఆపేశాయి. అక్కడి నుంచి పందెం నాలుగు చక్రాలదే. టైరు ఎత్తు తగ్గింది, పక్క గోడలు బిరుసెక్కాయి, ముందు టైరూ వెనక టైరూ వేర్వేరు దారులు పట్టాయి.

నేలను బట్టి ఎంపిక

టైరు మీద 20×11-9 అని ఉంటే 20 అంగుళాల ఎత్తు, 11 అంగుళాల వెడల్పు, 9 అంగుళాల రిమ్ము అని అర్థం. గెంతుళ్లున్న మోటోక్రాస్ ట్రాకుకు ముందు 20×6-10, వెనక 18×10-8 వాడుక. పొట్టి టైరుతో బండి నేలకు దగ్గరగా ఉండి మలుపులో నిలదొక్కుకుంటుంది. అడవి దారుల్లో గంటల తరబడి సాగే పందేలకు ముందు 21×7-10, వెనక 20×11-9 వేస్తారు, రాళ్లూ వేళ్లూ తగలకుండా ఎత్తు కావాలి కనుక. పొరల బలం కూడా అలాంటిదే. రెండు పొరల టైరు తేలిక, ఆరు పొరలది ముల్లుకు లొంగదు కానీ బరువు.

కొత్తవాళ్లు ఎక్కువగా పొరబడేది పట్టు విషయంలో. పట్టు ఎంతుంటే అంత మంచిదనుకుంటారు. పందెపు ఏటీవీ వెనక ఇరుసుకు, రెండు చక్రాలనూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ ఉండదు. ట్రాక్టరులో డిఫరెన్షియల్ లాక్ వేసి రోడ్డు మీద మలుపు తిప్పబోయిన డ్రైవరుకు ఇది చప్పున అర్థమవుతుంది, బండి మొండికేస్తుంది. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం వెళ్లాలి, లోపలిది తక్కువ. రెండూ ఒకే వేగంతో తిరుగుతాయి కాబట్టి ఏదో ఒకటి జారక తప్పదు. టైరు జారనంటే బండి తిరగకుండా ముందుకు తోసుకుపోతుంది, లేదా లోపలి చక్రం లేచి బోల్తాపడుతుంది. అందుకే మంచి పందెపు టైరు వెనక్కి తన్నేటప్పుడు గట్టిగా పట్టి, పక్కకు జారేటప్పుడు క్రమంగా వదులుతుంది. ఎప్పుడూ ఎడమకే తిరిగే గుండ్రటి ట్రాకుల్లో, రెండు చక్రాలూ ఒకే వేగంతో తిరగడాన్నే అనుకూలంగా వాడుకుంటారు. కుడి వెనక టైరు చుట్టుకొలత కాస్త పెద్దదిగా పెడితే బండి తనంతట తానే ఎడమకు మళ్లుతుంది.

ఇక మట్టి. వదులు మట్టిలో బొడిపెలు ఎత్తుగా, ఎడంగా ఉండాలి. బంకమట్టి తడిగా ఉంటే ఆ ఎడం ఇంకా పెరగాలి, లేకపోతే సందులన్నీ పూడుకుపోయి టైరు నున్నటి బంతైపోతుంది. ఎండి గట్టిపడిన ట్రాకు మీద పొట్టి బొడిపెలు దగ్గరదగ్గరగా, రబ్బరు మెత్తగా ఉండాలి. అక్కడ నేలలోకి దిగేదేమీ లేదు, పట్టంతా రబ్బరుదే. మెత్తటి రబ్బరు త్వరగా అరుగుతుంది, అది పందెం ఖర్చులో భాగం. వట్టి ఇసుకకు వెనక తెడ్ల టైరు వేస్తారు, బొడిపెలకు బదులు రబ్బరు తెడ్లు అడ్డంగా ఉండి ఇసుకను వెనక్కి తోస్తాయి.

ట్రాకుకు పొద్దున నీళ్లు కొడతారు, మధ్యాహ్నానికి అదే నేల పెంకులా మారుతుంది. అందుకే అనుభవమున్న జట్లు రెండు జతల టైర్లు వెంట తెస్తాయి, వేడిచేసిన కత్తితో బొడిపెల మీద గాట్లు పెట్టుకుంటాయి. గాలి ఒక పీఎస్ఐ అటూ ఇటూ మార్చినా బండి నడక మారుతుంది. మరీ తగ్గిస్తే పక్కకు జారేటప్పుడు టైరు అంచు రిమ్ము నుంచి ఊడొస్తుంది. దాన్ని ఆపడానికి పుట్టిందే బీడ్‌లాక్, అంచును బోల్టులతో బిగించే వలయం.

మన దేశంలో

పొలారిస్ కంపెనీ 2011లో భారత్‌కు రావడంతో ఇక్కడ ఏటీవీలు కంటబడటం పెరిగింది. వీటిలో చాలావాటిని రోడ్డు మీద నడపడానికి అనుమతి లేదు కనుక ఎక్కువగా తోటలకూ, రిసార్టులకూ, బీచ్‌లకూ పరిమితమయ్యాయి. బండ్ల కంటే టైర్ల తయారీలో మనవాళ్లు ముందున్నారు. ఏటీవీ టైర్లు చేసే బీకేటీ సంస్థ 2014లో అమెరికా మాన్‌స్టర్ జామ్ పోటీల రాక్షస ట్రక్కులకు 66 అంగుళాల టైర్లు అందించడం మొదలుపెట్టింది. అనకాపల్లి జిల్లా అచ్యుతాపురంలో యోకోహామా వారి టైర్ల కర్మాగారం 2022 ఆగస్టులో ప్రారంభమైంది. అక్కడ తయారయ్యేవి పొలాలకూ, గనులకూ, నిర్మాణ పనులకూ వెళ్లే ఆఫ్-హైవే టైర్లు.

తెలుగు యువతకు ఏటీవీ అన్న మాటను ఎక్కువగా పరిచయం చేసింది ఇంజనీరింగ్ కాలేజీలే. 1976లో సౌత్ కరోలినా విశ్వవిద్యాలయంలో మొదలైన బాజా ఎస్‌ఏఈ పోటీ 2007లో మధ్యప్రదేశ్‌లోని పీతంపూర్‌కు వచ్చింది. విద్యార్థులే ఒక్క సీటు బండిని తయారుచేసి నాలుగు గంటల మట్టి పందెంలో నిలపాలి. ఇంజను అందరికీ ఒకే రకం చిన్నదే, దాన్ని మార్చుకునే వీల్లేదు. అంత చిన్న ఇంజనుకు పెద్ద టైరు వేస్తే బురదను దాటే ఎత్తు దొరుకుతుంది కానీ బయలుదేరే ఊపు తగ్గుతుంది, గేర్లు మళ్లీ లెక్కగట్టాలి, బ్రేకుల మీద భారం పెరుగుతుంది. అందుకే లెక్క తెలిసిన జట్లు ఫ్రేము గీయక ముందే టైరు ఎంత ఎత్తుండాలో తేల్చుకుంటాయి.